వీసా వైద్య పరీక్ష: పాత జబ్బు దాచకండి, పాత కాగితం పారేయకండి

హైదరాబాద్‌లో చాలాకాలం వీసా వైద్య పరీక్షలు చేసిన ఊపిరితిత్తుల వైద్యురాలిగా ఈ విషయం మీద నాకు ఉత్తరాలు వస్తూనే ఉంటాయి. ఈసారి శీర్షిక మొత్తం వాటికే కేటాయిస్తున్నాను.

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. నా వయసు 62. మా అమ్మాయి అమెరికా పౌరసత్వం తీసుకుని నాకు గ్రీన్‌కార్డు కోసం దరఖాస్తు పెట్టింది. ముంబయిలో ఇంటర్వ్యూకి తేదీ వచ్చింది. ఆలోగా హైదరాబాద్‌లో వైద్య పరీక్ష చేయించుకోవాలట. నాకు 2006లో టీబీ వచ్చి, ఆరు నెలలు మందులు వాడితే తగ్గిపోయింది. ఇప్పుడు బీపీ, షుగరు ఉన్నాయి. టీబీ సంగతి ఎత్తితే వీసా రాదని, నోరు మెదపవద్దని మా మరిది అంటున్నాడు. బట్టలన్నీ విప్పించి చూస్తారని ఇంకెవరో చెప్పారు. భయంతో నిద్ర పట్టడం లేదు.
– ఒక సోదరి, తెనాలి

జవాబు: అమ్మా, మీ మరిది మీ మేలు కోరే అలా చెప్పి ఉంటారు. అయినా ఆ మాట వినకండి. టీబీ పూర్తిగా నయమైనా చాలామందికి ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ మిగిలిపోతుంది. మీరు చెప్పకపోయినా ఎక్స్‌రే చెప్పేస్తుంది. “ఎప్పుడైనా టీబీ వచ్చిందా?” అని అడిగినప్పుడు లేదని సంతకం పెట్టి, అరగంట తర్వాత ఫిల్ములో మచ్చ కనబడితే పరిస్థితి ఎలా ఉంటుందో ఆలోచించండి. ముఖ్యమైన విషయం దాచి వీసా పొందాలని చూడటం అమెరికా వలస చట్టంలో విడిగా ఒక అనర్హత. నయమైన టీబీ అనర్హత కాదు. లేని చిక్కును తెచ్చిపెట్టుకోవడం ఎందుకు?

ఈ పరీక్ష మీరు ఎంత ఆరోగ్యంగా ఉన్నారో తేల్చడానికి పెట్టింది కాదు. వాళ్లు చూసేవి కొన్నే. ఇతరులకు అంటుకునే దశలో టీబీ ఉందా, అంటుకునే దశలో కుష్ఠు ఉందా, సిఫిలిస్ వంటి సుఖవ్యాధులు ఉన్నాయా, మత్తుమందుల అలవాటు ఉందా, తనకో ఇతరులకో హాని చేసే స్థితికి తెచ్చే మానసిక సమస్య ఉందా, టీకాలు వేయించుకున్నారా. అంతే. హెచ్ఐవీని 2010లోనే ఈ జాబితా నుంచి తీసేశారు. సిఫిలిస్ రక్తపరీక్ష 18 నుంచి 44 ఏళ్ల వారికే కాబట్టి మీకు అది కూడా ఉండదు.

బీపీ, షుగరు ఈ జాబితాలో లేవు. డాక్టరు వాటిని రాసుకుంటారు, మందుల పేర్లు అడుగుతారు. అయితే అక్కడికి వెళ్లాక మీ పోషణ, వైద్యం భారం ప్రభుత్వం మీద పడుతుందా అన్నది వీసా అధికారి విడిగా చూస్తారు. అందులో వయసు, ఆరోగ్యం కూడా లెక్కలోకి వస్తాయి. దానికి జవాబు మీ అమ్మాయి ఇచ్చే ఆర్థిక హామీ పత్రం. మీకు అక్కడ ఆరోగ్య బీమా ఎలా ఏర్పాటు చేస్తుందో కూడా ఆమెను ఇప్పుడే తెలుసుకుని ఉండమనండి. మీ వంతుగా షుగరు అదుపులో ఉన్నట్టు చూపే ఇటీవలి మూడు నెలల సగటు పరీక్ష కాగితం దగ్గర పెట్టుకోండి.

ఇక అసలు విషయం, మీ టీబీ కాగితాలు. 2006లో ప్రభుత్వ ఆసుపత్రిలో వాడి ఉంటే డాట్స్ పద్ధతి. రోజు విడిచి రోజు ఆరోగ్య కార్యకర్త ఎదుట మాత్రలు మింగి ఉంటారు. మీ పేరు రాసిన మందుల పెట్టె, ఒక చికిత్స కార్డు ఉండి ఉంటాయి. ఆ కార్డు పెట్టెల అడుగునో, దేవుడి గదిలో రేషన్ కార్డు పక్కనో దొరుకుతుందేమో వెతికించండి. దొరకకపోతే అప్పుడు చూపించుకున్న ఆసుపత్రి టీబీ విభాగంలో పాత రిజిస్టర్లు అడగండి. టీబీ రోగుల వివరాలు రాసే నిక్షయ్ అనే కంప్యూటర్ నమోదు 2012లో మొదలైంది కనుక మీ వివరాలు అందులో దొరకవు. ప్రైవేటు డాక్టరు దగ్గర వాడి ఉంటే ఆయన చీటీలు, లేదా ఫలానా ఏడాది ఇన్ని నెలలు చికిత్స చేశానని లెటర్‌హెడ్ మీద రాసిన ఉత్తరం సరిపోతుంది. ఏదీ దొరకలేదనుకోండి, ఉన్నది ఉన్నట్టు చెప్పండి. ఏ మందులో గుర్తులేదనే పెద్దవాళ్లను నేను ఒక మాట అడిగేదాన్ని: “మందులు వాడిన రోజుల్లో మూత్రం ఎర్రగా వచ్చేదా?” వెంటనే “అవునమ్మా, భయపడ్డాను కూడా” అనేవారు. రిఫాంపిసిన్ వల్ల అలా వస్తుంది. టీబీ మందే వాడారనడానికి అదొక ఆధారం.

పాత ఎక్స్‌రే ఫిల్ము ఉంటే బంగారంలా దాచి తీసుకెళ్లండి. మన ఇళ్లలో వాటిని గ్రహణం చూడటానికి పిల్లలకు ఇచ్చేస్తారు (అలా చూడటం కళ్లకు ప్రమాదం, అది వేరే సంగతి). అప్పటి మచ్చ, ఇప్పటి మచ్చ ఒకేలా ఉన్నాయని పక్కపక్కన పెట్టి చూసిన డాక్టరుకు మనసు కుదుటపడుతుంది.

అయినా మచ్చ కనిపించిందంటే తెమడ పరీక్ష తప్పదు. వరుసగా మూడు రోజులు ఉదయం పూట ఆసుపత్రి సిబ్బంది ఎదుటే తెమడ ఇవ్వాలి. ఇంటి నుంచి డబ్బాలో తెస్తే తీసుకోరు. నోట్లో ఊరిన ఉమ్మి పనికిరాదు, లోతుగా దగ్గి ఊపిరితిత్తి లోపలి నుంచి తేవాలి. దగ్గే లేదు, తెమడ ఎలా వస్తుందని చాలామంది కంగారుపడతారు. ఉప్పునీటి ఆవిరి పట్టించి తెప్పిస్తారు. ఆ నమూనాలను సూక్ష్మదర్శినిలో చూడటం తొందరగానే అయిపోతుంది. కల్చర్ పరీక్షకు మాత్రం ఎనిమిది వారాల దాకా పడుతుంది. క్రిమి మొలకెత్తుతుందా లేదా అని అన్నాళ్లు ఆగి చూడాల్సిందే. ఎవరు సిఫారసు చేసినా ఆ గడువు తగ్గదు. అందుకే చివరి వారం దాకా ఆగకుండా వెంటనే పరీక్షకు అపాయింట్‌మెంట్ తీసుకోండి. కల్చర్ ఫలితం రాకపోతే ఇంటర్వ్యూ తేదీ మార్చుకోవలసి రావచ్చు. దాన్ని తిరస్కరణ అనుకుని ఏడవకండి. అమ్మాయికి కూడా ముందే చెప్పండి, విమానం టిక్కెట్టు అప్పుడే కొనవద్దని.

కల్చర్‌లో ఏమీ లేకపోతే మచ్చ ఉన్నట్టు నమోదు చేసి పంపిస్తారు. అక్కడికి వెళ్లాక స్థానిక ఆరోగ్య శాఖ వారు పిలిచి ఒకసారి చూస్తారు. మామూలుగా ఆరు నెలలు చెల్లే వైద్య నివేదిక ఇలాంటి వారికి మూడు నెలలే చెల్లుతుంది. ఒకవేళ టీబీ మళ్లీ తిరగబెట్టిందని తేలినా వీసా పోదు, వాయిదా పడుతుంది. మందులు పూర్తిచేసి మళ్లీ పరీక్ష చేయించుకోవచ్చు. టీబీ తిరగబెట్టిన సంగతి ముందే తెలియడం మీకు, వెళ్లగానే మీరు ఎత్తుకోబోయే మనవలకు కూడా మంచిదే కదా.

టీకాల విషయం. మీ వయసువారి దగ్గర టీకాల కార్డు ఉండదని డాక్టర్లకు తెలుసు. వయసును బట్టి కావలసినవి అక్కడే వేస్తారు. ధనుర్వాతం, ఆటలమ్మ టీకాలు, ఫ్లూ కాలమైతే ఫ్లూ టీకా అందులో ఉంటాయి. చిన్నప్పుడు ఆటలమ్మ పోసిందని గట్టిగా గుర్తుంటే చెప్పండి, ఆ టీకా అక్కరలేకపోవచ్చు. అందరికీ పోసే జబ్బే కదా అని మీరు చెప్పకుండా ఊరుకుంటే సూది అనవసరంగా పడుతుంది. కోవిడ్ టీకా అడగడం 2025లో మానేశారు.

బట్టల సంగతి నిజమే, కానీ మీరు భయపడినట్టు కాదు. గౌను ఇస్తారు. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట, చర్మం చూస్తారు. ఆడ డాక్టరు కావాలని అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడే అడగండి. మగ డాక్టరే ఉంటే గదిలో నర్సు ఉండాలని కోరే హక్కు మీకు ఉంది. ఆ మాట చెప్పడానికి మొహమాటపడకండి.

ఎక్స్‌రే గదిలో గొలుసు, మంగళసూత్రాలు తీయమంటారు. తాళి తీయడానికి మనసొప్పక కళ్లనీళ్లు పెట్టుకున్న వారిని చూశాను. నల్లపూసలు, సూత్రాలు ఊపిరితిత్తుల మీద పడితే ఫిల్ము పాడై మళ్లీ తీయాలి. కొందరు సూత్రాలు ఇంట్లో దేవుడి దగ్గర పెట్టి, పసుపుతాడు కట్టుకుని వచ్చేవారు. అది మంచి ఉపాయం, మీకు అవసరమైతే పాటించండి. జడ మాత్రం పైకి ముడి వేసుకోండి. భుజం మీదుగా పడిన ఒత్తయిన జడ ఊపిరితిత్తి కొన మీద నీడలా పడుతుంది. టీబీ మచ్చ కూడా ఎక్కువగా ఉండేది అక్కడే. వెంట్రుకల నీడ చూసి తెమడ పరీక్షకు పంపించే పరిస్థితి తెచ్చుకోవద్దు.

పాస్‌పోర్టు, ఇంటర్వ్యూ ఉత్తరం, ఆన్‌లైన్ దరఖాస్తు నిర్ధారణ పేజీ, కళ్లజోడు, వాడుతున్న మందుల చీటీలు తీసుకెళ్లండి. పరగడుపున వెళ్లనక్కరలేదు. షుగరు మాత్ర వేసుకుని టిఫిన్ తినే వెళ్లండి. సీలు వేసిన కవరు ఇస్తే తెరవకండి.

ప్రశ్న: మేము వరంగల్‌లో ఉంటాము. కెనడా శాశ్వత నివాసానికి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో మావారికి ఆహ్వానం వచ్చింది. నాకు ఇప్పుడు నాలుగో నెల. వైద్య పరీక్ష చేయించుకోవచ్చా? ఎక్స్‌రే వల్ల బిడ్డకు ప్రమాదమా?

జవాబు: 2025 ఆగస్టు 21 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ వారు దరఖాస్తుతోపాటే వైద్య పరీక్ష చేయించుకున్నట్టు రుజువు జతచేయాలి. ఆహ్వానం వచ్చాక మీకున్న గడువు 60 రోజులే. కాబట్టి పరీక్ష వాయిదా వేయకండి, ఎక్స్‌రే మాత్రం వాయిదా వేసుకోవచ్చు. కెనడా దానికి ఒప్పుకుంటుంది. గర్భవతినని అపాయింట్‌మెంట్ రోజునే చెప్పండి. మిగతా పరీక్షలు చేసి, ఎక్స్‌రే ప్రసవం తర్వాతకు పెడతారు. గర్భాన్ని నిర్ధారించే కాగితం, ఒక చిన్న వివరణ ఉత్తరం దరఖాస్తుకు జతచేయండి. ఎక్స్‌రే వచ్చేదాకా ఫైలు ముందుకు సాగదు. అది భరించాల్సిందే. ఛాతీ ఎక్స్‌రేలో పొట్టకు చేరే కిరణాల మోతాదు చాలా తక్కువ, సీసపు కవచం కూడా వేస్తారు కాబట్టి చేయించుకున్నా బిడ్డకు ప్రమాదం లేదనే ఒక డాక్టరుగా చెబుతాను. ఎంపిక మీదే.

మూత్ర పరీక్ష గురించి ఆడవాళ్లందరికీ ఒక మాట. బహిష్టు రోజుల్లో వెళితే మూత్రంలో రక్తం కనబడి మళ్లీ రమ్మంటారు. తేదీ చూసుకుని వెళ్లండి.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. బిడ్డ పుట్టగానే కెనడా అధికారులకు తెలియజేసి, దరఖాస్తులో చేర్చి, ఆ బిడ్డకు కూడా వైద్య పరీక్ష చేయించాలి. ముందు మనం వెళ్లి స్థిరపడ్డాక తెచ్చుకుందామని చెప్పకుండా ఊరుకుంటే, తర్వాత ఆ బిడ్డను కుటుంబ సభ్యుడిగా పిలిపించుకోవడానికే అడ్డంకి వస్తుంది. అత్తగారో అమ్మగారో “పసిబిడ్డకు ఈ తిప్పలెందుకు” అంటే ఈ సంగతి చదివి వినిపించండి.

ప్రశ్న: అమెరికా వీసా కోసం మా తొమ్మిదేళ్ల పాపకు టీబీ రక్తపరీక్ష చేస్తారట. పుట్టగానే బీసీజీ (టీబీ రాకుండా వేసే టీకా) వేయించాము. దానివల్ల పాజిటివ్ వస్తుందా? – గుంటూరు పాఠకుడు

జవాబు: రాదు. చేతి మీద సూది వేసి చూసే పాత చర్మ పరీక్ష బీసీజీ వల్ల పాజిటివ్ రావచ్చు. రెండు నుంచి 14 ఏళ్ల పిల్లలకు ఇప్పుడు చేసే రక్తపరీక్ష మీద బీసీజీ ప్రభావం ఉండదు. పాజిటివ్ వచ్చినా క్రిమి ఒంట్లోకి చేరిందనే అర్థం, జబ్బు ఉందని కాదు. ఎక్స్‌రే తీస్తారు. అది బాగుండి, పాపకు లక్షణాలు లేకపోతే ప్రయాణం ఆగదు. ఇంట్లో తాతయ్యకో నాయనమ్మకో వారాల తరబడి దగ్గు ఉంటే మాత్రం ముందు వాళ్లకు పరీక్ష చేయించండి.

ప్రశ్న: నాది జగిత్యాల జిల్లా. వయసు 29. సౌదీలో పనికి వెళదామని గామ్కా మెడికల్‌కు (గల్ఫ్ వెళ్లేవారికి ఇక్కడే చేసే వైద్య పరీక్షకు) వెళితే హెపటైటిస్ బి ఉందని అన్‌ఫిట్ చేశారు. డబ్బిస్తే రిపోర్టు మార్పిస్తానని ఏజెంటు అంటున్నాడు. అప్పు చేసి ఇవ్వనా? నేను ఎన్నాళ్లు బతుకుతాను?

జవాబు: తమ్ముడూ, ముందు రెండో ప్రశ్నకు జవాబు. హెపటైటిస్ బి ఉన్నవారిలో చాలామంది మామూలుగా పని చేసుకుంటూ నిండు జీవితం గడుపుతారు. అందరికీ మందులు కూడా అక్కరలేదు. కానీ ఎవరికి అవసరమో తేల్చకుండా వదిలేస్తే కొందరికి ఏళ్ల తర్వాత కాలేయం గట్టిపడటం, కేన్సర్ రావడం జరుగుతాయి. ఈ ముప్పు ముందే తెలిసింది కాబట్టి అడ్డుకునే అవకాశం నీ చేతిలో ఉంది.

ఏజెంటుకు ఒక్క రూపాయి ఇవ్వకు. ఇప్పుడు వాఫిద్ అనే పేరుతో నడుస్తున్న ఆ పరీక్షల ఫలితాలు కంప్యూటర్‌లో నమోదవుతాయి. ఎలాగో దాటి వెళ్లినా, అక్కడ దిగాక ఇకామా (అక్కడ ఉండటానికిచ్చే అనుమతి కార్డు) కోసం మళ్లీ రక్తం తీస్తారు. అందులో బయటపడితే తిప్పి పంపిస్తారు. అప్పటికి వీసాకు, టిక్కెట్టుకు పెట్టిన డబ్బంతా పోయి, వడ్డీ మాత్రం మిగులుతుంది. నువ్వు చేయగలిగిన న్యాయమైన పని ఒకటుంది. మంచి ప్రయోగశాలలో అదే పరీక్ష సొంతంగా ఇంకోసారి చేయించుకో. నెగెటివ్ వస్తే ఆ కాగితంతో మళ్లీ అడగవచ్చు. పాజిటివే అయితే గల్ఫ్ ఆలోచన పక్కన పెట్టు. ఇంటి పరిస్థితి ఎలా ఉండి ఈ మాట అడిగావో నాకు తెలుసు. తెలిసే చెబుతున్నాను.

ఆ తర్వాత జిల్లా ఆసుపత్రికి వెళ్లు. 2018లో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ఈ జబ్బుకు పరీక్షలు, మందులు ఉచితం. రక్తంలో వైరస్ ఎంత ఉందో, కాలేయం ఎలా ఉందో చూసి మందు మొదలుపెట్టాలా, ఆర్నెల్లకోసారి చూస్తే చాలా అన్నది చెబుతారు. మద్యం పూర్తిగా మానెయ్యి. నాటుమందు, పసరు వైద్యం జోలికి వెళ్లకు. కొన్ని పసర్లు కాలేయాన్నే దెబ్బతీస్తాయి.

ఒకే కంచంలో తిన్నా, పక్కన పడుకున్నా, పిల్లల్ని ముద్దాడినా ఇది అంటదు. రక్తం ద్వారా, కలయిక ద్వారా, కాన్పులో తల్లి నుంచి బిడ్డకు అంటుతుంది. నీ బ్లేడు, బ్రష్షు వేరుగా ఉంచుకో. పెళ్లయి ఉంటే భార్యకు, పిల్లలకు, ఇంకా మీ అమ్మకు, తోబుట్టువులకు ఈ వారంలోనే పరీక్ష చేయించు. నెగెటివ్ వచ్చినవారికి మూడు మోతాదుల టీకా వేయించు. పాజిటివ్ వచ్చినవారిని నీతోపాటే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్లు.