డాక్టర్ సలహా: ఆస్పత్రికి వెళ్లిన ప్రతిసారీ మా అత్తగారు తిరగబడుతున్నారు

ప్రశ్న: మా అత్తగారికి 76 ఏళ్లు. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారు. మూడేళ్ల కిందట అల్జీమర్స్ అని తేలింది. ఇంట్లో బాగానే ఉంటారు. పూలు కడతారు, భక్తి చానల్ చూస్తారు. ఆస్పత్రికి తీసుకెళ్లిన రోజు మాత్రం నరకమే. పోయిన నెల మా టోకెన్ 38. రెండున్నర గంటలు కూర్చున్నాం. ‘ఇంటికి పోదాం పద’ అని ఒకటే గొడవ. లోపలికి వెళ్లాక సిస్టర్ బీపీ పట్టీ బిగించగానే ఆ అమ్మాయి చేతి మీద కొట్టారు. అందరూ నన్నే చూశారు. డాక్టరుగారు ‘ఈసారి ఆవిడను తీసుకురావద్దు, నువ్వే వచ్చి మందులు రాయించుకుపో’ అన్నారు. అలా చేయొచ్చా? బయల్దేరే ముందు నిద్రమాత్ర వేయమని మా ఆడపడుచు అంటోంది. వేయొచ్చా? నాకూ బీపీ ఉంది, చూపించుకుని ఏడాది దాటింది. అది తర్వాతి సంగతి లెండి.
– ఒక పాఠకురాలు, తెనాలి

జవాబు: నిద్రమాత్ర సంగతి ముందు తేల్చేద్దాం. వద్దమ్మా. ఆల్ప్రజోలం లాంటి మాత్రలకు మామూలు పెద్దవాళ్లే తూలిపోతారు. డిమెన్షియా (మతిమరుపు జబ్బు, అల్జీమర్స్ అందులో ఒక రకం) ఉన్నవాళ్లలో కొందరికైతే నిద్ర రాకపోగా కంగారు రెట్టింపవుతుంది. ఆ మత్తులో ఆటో దిగుతూ పడి తుంటి విరిగిందంటే మీ కష్టం పదింతలవుతుంది. ‘నిద్రమాత్ర కాదు సార్, మగతకని జలుబు మాత్రే వేశాం’ అనేవాళ్లనూ చూశాను. అదీ వద్దు. అల్జీమర్స్‌కు మేం ఎక్కువగా రాసే డొనెపెజిల్, మెదడులో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం తరిగిపోకుండా కాపాడుతుంది. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమైన్ సరిగ్గా ఆ రసాయనం పనికే అడ్డం పడుతుంది. కుండలో నీళ్లు పోస్తూనే అడుగున చిల్లు పెట్టినట్టు.

ఇక ‘ఆవిడను తీసుకురావద్దు’ అన్న మాట. అందులో సగం ఒప్పు, సగం తప్పు. ఆరోగ్యం నిలకడగా ఉన్నప్పుడు ప్రతి నెలా ఆవిడను ఈడ్చుకెళ్లనక్కర్లేదు. మధ్య మధ్యలో మీరొక్కరే వెళ్లి మాట్లాడి రావచ్చు. ఫోన్లోనో వీడియోలోనో చూసే డాక్టర్లు ఇప్పుడు చాలామందే ఉన్నారు. ప్రభుత్వ ఈ-సంజీవని ఉచితం. రక్తపరీక్షకు ల్యాబ్ వాళ్లు ఇంటికే వస్తారు. కానీ మనిషిని చూడకుండా ఏళ్ల తరబడి అదే చీటీ మీద అవే మందులు వాడించడం మాత్రం తప్పు. డొనెపెజిల్ వల్ల గుండె వేగం తగ్గొచ్చు, ఆకలి చచ్చి బరువు పడిపోవచ్చు. నాడి చూడకుండా, తూకం వేయకుండా ఆ విషయం ఎలా తెలుస్తుంది? పైగా జబ్బు ముదిరేకొద్దీ ‘ఇక్కడ నొప్పి’ అని చెప్పగలిగే మాట పోతుంది. చెవిలో గులిమి, పుచ్చిన పన్ను, నాలుగు రోజుల మలబద్ధకం, ఇవన్నీ విసుగుగానో కేకలుగానో బయటపడతాయి. కనీసం ఆరు నెలలకోసారైనా ఒక డాక్టరు ఆవిడను చేత్తో ముట్టుకుని చూడాలి.

ఇంకో మాట ఇక్కడే చెప్పేస్తాను, మళ్లీ మరిచిపోతానేమో. ఒకటి రెండు రోజుల్లో ఉన్నట్టుండి మనిషి మారిపోతే, అంటే పగలంతా మగతగా ఉండటం, లేనివి కనిపిస్తున్నాయనడం, మిమ్మల్ని కొత్తమనిషిని చూసినట్టు చూడటం లాంటివి మొదలైతే అది ‘జబ్బు ముదరడం’ కాకపోవచ్చు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఊపిరితిత్తుల్లో నెమ్ము, ఒంట్లో సోడియం తగ్గడం, కొత్తగా మొదలుపెట్టిన మందు, వీటిలో ఏదో ఒకటి కారణం కావచ్చు. అప్పుడు అపాయింట్‌మెంట్ కోసం ఆగొద్దు. ఆ రోజే తీసుకెళ్లండి.

ఇప్పుడు ఆ దెబ్బ గురించి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఆవిడ ఇంట్లో ఎవరినీ కొట్టరు, పూలు కడతారు. అంటే తేడా ఆవిడలో లేదు, ఆ గదిలో ఉంది. ఆవిడ వైపు నుంచి చూడండి. ఎందుకొచ్చారో గుర్తులేదు. చుట్టూ తెలియని మొహాలు, మైకులో నంబర్లు, పక్కన ఏడుస్తున్న పిల్ల. దాహం వేస్తోందో, బాత్రూమ్‌కి వెళ్లాలో చెప్పడానికి మాట దొరకదు. ‘ఇంటికి పోదాం’ అంటే తెనాలిలో మీ ఇల్లే అనుకోకండి. ‘నాకిక్కడ భయంగా ఉంది’ అనడానికి ఆవిడ దగ్గర మిగిలిన మాట అది. ‘ఇంకో పది నిమిషాలు’ అని పదిసార్లు చెప్పేకన్నా, ‘అవునత్తయ్యా, పోదాం, మంచినీళ్లు తాగి పోదాం’ అని చెయ్యి పట్టుకోవడం మేలు. సరే, రెండున్నర గంటల తర్వాత ఎవరో అమ్మాయి వచ్చి, మాటా పలుకూ లేకుండా చెయ్యి పట్టుకుని ఏదో పట్టీ చుట్టింది. అది బుస్సుమంటూ బిగుసుకుంది. ఆవిడ స్థానంలో నేనున్నా విదిలించేవాణ్నే. ముందు ఆ పట్టీ చేతికిచ్చి, మీ చేతికోసారి చుట్టి చూపించి, ‘కాస్త బిగుస్తుంది టీచర్‌గారూ’ అని చెప్పి చేస్తే చాలామంది చేయించుకుంటారు. అప్పటికీ కుదరకపోతే బీపీ ఆ రోజుకి వదిలేయొచ్చు, కొంప మునగదు.

మా వృత్తివాళ్లను వెనకేసుకొస్తున్నానని మీరు అనుకోకముందే నా తప్పొకటి చెబుతాను. కొన్నేళ్ల కిందట మా క్లినిక్ గుమ్మం లోపల పెద్ద నల్ల రబ్బరు మ్యాట్ ఉండేది. డిమెన్షియా ఉన్న ఒక రిటైర్డ్ డ్రైవరుగారు గుమ్మం దాకా బాగానే వచ్చి అక్కడ కొయ్యబారిపోయేవారు. కొడుకులిద్దరూ చంకల కింద చేతులు వేసి ఎత్తుకొస్తే వీధంతా వినిపించేలా అరిచేవారు. ఆయన ఫైల్లో ‘సహకరించరు’ అని నా చేత్తో నేనే రాశాను. ఒకరోజు కొడుకులు ఊళ్లో లేక భార్య ఒక్కావిడే తీసుకొచ్చింది. భుజం మీది తుండుగుడ్డ తీసి మ్యాట్ మీద పరిచింది. ఆయన దాని మీద అడుగేసి చక్కా లోపలికి వచ్చి కూర్చున్నారు. ‘నల్లగా ఉంటే ఆయనకు గొయ్యిలా కనపడుతుందండీ. ఇంట్లో నల్ల దుప్పటి వేసినా మంచం ఎక్కరు’ అందావిడ. ఎంబీబీఎస్, ఎండీ చదివిన నాకు రెండేళ్లుగా తట్టనిది తుండుగుడ్డతో తేలిపోయింది. ఆ సాయంత్రమే మ్యాట్ తీయించాను.

తర్వాత నా క్లినిక్‌ను నేనే పేషెంట్ కళ్లతో చూడటం మొదలుపెట్టాను. అద్దంలా మెరిసే గ్రానైట్ నేల తడిగా ఉన్నట్టు కనపడుతుంది, అందుకే కాలు మోపడానికి జంకుతారు. లిఫ్టులో నిలువుటద్దం ఉంటే లోపల ఎవరో పరాయి మనిషి నిలబడ్డట్టే. బాత్రూమ్ తలుపు మీద ‘వాష్‌రూమ్’ అని ఇంగ్లిష్‌లో అరచేయంత స్టీలు పలక ఉండేది. అది చదవలేక పెద్దావిడ కుర్చీలోనే తడుపుకుంటే ‘అదుపు లేదు’ అని రాసుకునేవాళ్లం. ఇప్పుడు పెద్ద తెలుగు అక్షరాలతో, బొమ్మతో పసుపు బోర్డు పెట్టాం. బజారులో ఫ్లెక్సీలు వేసే కుర్రాడు ఒక్క పూటలో చేసిచ్చాడు. మైకు మాన్పించి, మనిషి దగ్గరికి వెళ్లి పేరు పెట్టి పిలవమన్నాను. ఓపీ నడక కాస్త మందగించింది. పోనీ అనుకున్నాను.

ఇదంతా ఎవరో కొద్దిమంది కోసం కాదు. 2023లో వచ్చిన దేశవ్యాప్త అధ్యయనం లెక్క ప్రకారం మన దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే దాదాపు 88 లక్షల మందికి డిమెన్షియా ఉంది. ఆ లెక్కన యాభైమంది పెద్దవాళ్లు కూర్చున్న ఓపీలో ముగ్గురో నలుగురో ఉంటారు. వాళ్లలో చాలామందికి ‘చాదస్తం’ అనే తప్ప వేరే పేరు ఎవరూ పెట్టలేదు.

మీ డాక్టరుగారి క్లినిక్‌ను మీరు మార్చలేరు గానీ అడగగలరు. రద్దీ తక్కువ ఉండే రోజేదో కాంపౌండర్‌ను కనుక్కోండి. పొద్దున మొదటి టోకెన్ అడగండి. సాయంత్రం పొద్దు వాలేకొద్దీ ఇలాంటివాళ్లలో కంగారు ఎక్కువవుతుంది, కాబట్టి సాయంత్రం ఓపీ వద్దే వద్దు. మొదటి టోకెన్ దొరక్కపోతే, ‘మేం బయట చెట్టుకింద ఆటోలో ఉంటాం, వంతు రాగానే ఒక్క ఫోన్ కొట్టండి’ అని నంబరిచ్చి రండి. ప్రభుత్వాసుపత్రి అయితే మొహమాటమే అక్కర్లేదు. పెద్దలకు వేరే క్యూ పెట్టాలని 2007 నాటి తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టంలోని 20వ సెక్షన్ చెబుతోంది.

ఆవిడ ఎదురుగా కూర్చుని ‘రాత్రి పక్క తడిపింది సార్, నన్ను దొంగ అంటోంది’ అని డాక్టరుకు చెప్పకండి. జ్ఞాపకం పోయినా అవమానం తెలుస్తుంది. చెప్పాల్సినవన్నీ ముందురోజే ఒక కాగితం మీద నాలుగు లైన్లు రాసి, మీరు లోపలికి వెళ్లకముందే డాక్టరు టేబుల్ మీదికి పంపించండి. వాడుతున్న మందులన్నీ, ఆయుర్వేదంతో సహా, డబ్బాలతోనే సంచిలో వేసుకెళ్లండి.

ఇంకో కాగితం కూడా రాయమంటాను, ఇది ఆవిడ గురించి. బ్రిటన్‌లో అల్జీమర్స్ సొసైటీ వాళ్లు ‘ఇది నేను’ అనే పత్రం ఒకటి అచ్చువేసి ఇస్తారు. రోగి ఎవరో, దేనికి భయపడతారో, ఏమంటే ఇష్టమో ఇంటివాళ్లు అందులో నింపి నర్సుకిస్తారు. మనకు అచ్చు పత్రం అక్కర్లేదు, అర ఠావు చాలు. మీ అత్తగారి గురించి నాకు తెలిసింది రెండు ముక్కలే కాబట్టి మిగతాది ఊహించి రాస్తున్నాను, మీరు దిద్దుకోండి:

‘నేను లెక్కల టీచర్‌ని. నన్ను మామ్మా అనకండి, టీచర్‌గారూ అనండి. ఎడమ చెవి సరిగా వినపడదు, కుడివైపు నుంచి మాట్లాడండి. కళ్లజోడు తీయకండి. ఏం చేయబోతున్నారో ముందు చెప్పండి. నేనెవరో గుర్తుపట్టండి చూద్దాం అని పరీక్షలు పెట్టకండి. కంగారు పడుతుంటే పన్నెండో ఎక్కం మొదలుపెట్టండి, నేను అందుకుంటాను. మా కోడలిని నాకు కనపడేలా ఉంచండి.’

ఆ చివరి మాటే అన్నిటికన్నా ముఖ్యం. బ్రిటన్‌లోనే జాన్ జెరార్డ్ అనే డాక్టరుకు అల్జీమర్స్ ఉండేది. 2014లో కాలి పుళ్లకని ఆస్పత్రిలో చేర్చి, ఇంటివాళ్లు రావడానికి ఆంక్షలు పెట్టారు. అయిదు వారాల తర్వాత ఇంటికొచ్చేసరికి మనిషి ఎందుకూ కాకుండా పోయారు, ఆ ఏడాది నవంబరులో చనిపోయారు. ఆయన కూతురు నిక్కీ జెరార్డ్, స్నేహితురాలు జూలియా జోన్స్‌తో కలిసి ‘జాన్స్ క్యాంపెయిన్’ మొదలుపెట్టారు. డిమెన్షియా ఉన్నవాళ్ల దగ్గర ఇంటిమనిషి ఉండటం హక్కు అన్నదే వాళ్ల వాదన. మన దగ్గర అటెండర్ లేనిదే చేర్చుకోరు కదా అంటారు మీరు. నిజమే. కానీ ఆ అటెండర్‌ను పక్కన ఉండనిచ్చేదెప్పుడు? ‘కౌంటర్లో డబ్బు కట్టి రండి’, ‘కింద మెడికల్ షాపులో ఈ సూదిమందు తెండి’, ‘ఎక్స్‌రే ఫిల్మ్ తీసుకురండి’. మీరు మెట్లు ఎక్కుతూ దిగుతూ ఉంటే ఆవిడ స్ట్రెచర్ మీద ఒంటరి. అందుకని కుదిరినంతవరకు ఇద్దరు వెళ్లండి. ఒకరు తిరగడానికి, ఒకరు కదలకుండా ఆవిడ పక్కన కూర్చోవడానికి. నిద్రమాత్ర సలహా ఇచ్చిన మీ ఆడపడుచునే పిలవండి, తప్పేం లేదు.

ఇంత చేసినా ఆ డాక్టరుగారు ‘తీసుకురావద్దు’ అనే అంటే ఇంకొకరిని చూసుకోండి. అల్జీమర్స్ వాళ్ల కోసం పనిచేసే ఏఆర్‌డీఎస్‌ఐ అనే సంస్థ 1992 నుంచి ఉంది, హైదరాబాద్‌లోనూ వాళ్ల శాఖ ఉంది. పెద్దవాళ్ల సమస్యలకు ఎల్డర్ లైన్ 14567. చూసుకునేవాళ్లకు మనసు బరువెక్కితే టెలీ మానస్ 14416, అది ఏ వేళకైనా పలుకుతుంది.

‘అది తర్వాతి సంగతి లెండి’ అని మీ బీపీ గురించి ఒక్క ముక్కలో తేల్చేశారు. అది తర్వాతి సంగతి కాదు. ఇలాంటి ఇళ్లలో ముందు పడిపోయేది ఒక్కోసారి చూసుకునే మనిషే. నిద్ర ఉండదు, వేళకు తిండి ఉండదు, మాత్ర అయిపోయిన సంగతి గుర్తుండదు. మీకు పక్షవాతం వస్తే టీచర్‌గారికి పన్నెండో ఎక్కం అందించేదెవరు? ఈసారి టోకెన్లు రెండు తీసుకోండి, ఆవిడ పేరున ఒకటి, మీ పేరున ఒకటి. బీపీ పట్టీ ముందు మీ చేతికే చుట్టమనండి. ఆవిడ చూస్తారు, మీ అంకె కూడా తెలుస్తుంది.