మెట్రోలో గేమ్ ఆడడానికి 70 వేల ఈఎంఐ పెట్టుకోనా?

ప్రశ్న: అన్నా, నాకు 27 ఏళ్లు, మాది నెల్లూరు, బెంగళూరు కాడుగోడిలో పీజీలో ఉంటున్నా. చేతికి 78,000 వస్తుంది. పీజీకి 14,000, ఇంటికి 15,000, ఎస్‌ఐపీ 10,000, మిగతా ఖర్చులు 18,000 దాకా, ఆ పైది ఎటు పోతుందో తెలీదు. సేవింగ్స్ ఖాతాలో 60,000 ఉంది, క్రెడిట్ కార్డు బాకీ 42,000, మినిమమ్ కడుతున్నా. కథ ఉన్న ఆర్‌పీజీలంటే, అంటే ఒక పాత్రగా మారి కథ నడిపే వీడియో గేమ్‌లంటే పిచ్చి, కానీ రూముకొచ్చాక ల్యాప్‌టాప్ తెరిచే ఓపిక ఉండదు. వారానికి మూడు రోజులు ఎంజీ రోడ్డు ఆఫీసుకి మెట్రోలో వెళ్తా కదా, 70,000 పెట్టి చేతిలో ఆడుకునే కన్సోల్ ఒకటి 12 నెలల నో కాస్ట్ ఈఎంఐ మీద తీసుకోనా? గేమ్స్ అమ్మే ఆన్‌లైన్ స్టోర్ స్టీమ్‌లో సేల్ పెట్టినప్పుడు ఎనిమిది గేమ్స్ కొన్నా, ఒక్కటీ పూర్తి కాలేదు.

జవాబు: అన్నా అన్నావు కాబట్టి నువ్వు అనే రాస్తున్నా. కన్సోల్ సంగతి తర్వాత, ముందు ఈ రోజే సేవింగ్స్‌లోంచి 42,000 తీసి కార్డు బాకీ మొత్తం కట్టెయ్. నెలకి 3.5 శాతం అనుకున్నా వడ్డీ 1,470, దాని మీద 18 శాతం జీఎస్టీ, అంటే 1,700 పైనే ప్రతి నెలా ఊరికే పోతోంది, పైగా బాకీ నడుస్తున్నన్నాళ్లూ కొత్తగా గీకిన ప్రతి రూపాయికీ మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది. ఖాతాలో 60,000 పెట్టుకుని ఇది భరించడం దేనికి?

నో కాస్ట్ ఈఎంఐలో కాస్ట్ ఉంటుంది. బ్యాంకు వడ్డీ వేస్తుంది, అంత మొత్తాన్ని అమ్మేవాళ్లు ధరలో తగ్గిస్తారు, కానీ ఆ వడ్డీ మీద జీఎస్టీ, ప్రాసెసింగ్ ఫీజు నీ నెత్తినే. 70,000కి 12 నెలలంటే వెయ్యి పైచిలుకు. అదేం పెద్ద నష్టం కాదులే.

అసలు లెక్క వేరే ఉంది. కాడుగోడి మొదటి స్టేషన్ కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది, సుమారు 40 నిమిషాలు, మూడు రోజులకి రెండు గంటలు. సాయంత్రం ఎంజీ రోడ్డులో ఎక్కితే ఒక చేత్తో కడ్డీ పట్టుకోవాలి, కాబట్టి అది లెక్కలోకి రాదు. పెర్సోనా 5 రాయల్ లాంటి పెద్ద ఆర్‌పీజీ పూర్తి చేయడానికి 100 గంటలు పడుతుంది. అంటే 50 వారాలు, ఒక్క గేమ్‌కి! రాత్రి పడుకునే ముందు ఇంకో అరగంట ఆడినా ఏడాదికి రెండు, మహా అయితే మూడు. నీ దగ్గరున్న ఎనిమిది చాలవా, జూన్‌లో, డిసెంబర్‌లో సేల్ పెట్టినప్పుడల్లా ఎందుకు కొంటున్నావు?

అయితే ముక్కలుముక్కలుగా ఆడితే కథ చెడుతుందని కొందరంటారు, అది నేను ఒప్పుకోను. పెర్సోనా కథ క్యాలెండర్ ప్రకారం ఒక్కో రోజుగా నడుస్తుంది, ఆటలోని ఒక రోజు చాలాసార్లు మన ఒక్క ప్రయాణంలోనే అయిపోతుంది. విచర్ 3 అనే ఆట లోడయ్యేటప్పుడు ఇంతవరకు జరిగింది ఒక గొంతు చెబుతుంది, డ్రాగన్ క్వెస్ట్ 11 కూడా తెరవగానే కథ గుర్తుచేస్తుంది, మన సీరియల్ వాళ్లు చేసే పనే. నువ్వు డబ్బు పెట్టేది ముఖ్యంగా స్లీప్ బటన్‌కి: స్టేషన్ రాగానే నొక్కితే ఆట ఉన్నచోటే ఆగాలి, మళ్లీ నొక్కితే అక్కడి నుంచే మొదలవ్వాలి. చేతిలో ఆడుకునే కన్సోళ్లలో స్విచ్, స్టీమ్ డెక్ ఈ పని బాగా చేస్తాయి, విండోస్ మీద నడిచేవి అప్పుడప్పుడు మొరాయిస్తాయి. కానీ ఆ రెండూ ఇక్కడ అధికారికంగా అమ్మరు, బయట తెచ్చి అమ్మేవాళ్ల దగ్గర కొంటే వారంటీ నీ అదృష్టం. నేను అలా కొన్న మెషిన్‌కి బొమ్మను కదిపే స్టిక్ పోతే బాగుచేయించడానికి మూడు వారాలు తిరిగాను.

కాబట్టి ముందు ఫోన్‌లో చూడు. ఫైనల్ ఫాంటసీ అనే ఆర్‌పీజీ వరుసలో పాతవి ఆండ్రాయిడ్‌లో ఉన్నాయి, కన్సోల్ ధరతో పోలిస్తే చిల్లర, చాలావాటిలో దాదాపు ఎక్కడైనా క్విక్ సేవ్ చేసుకోవచ్చు. ఒక్కటి మెట్రోలోనే మొదటి నుంచి చివరిదాకా ఆడు. ఈలోపు నెలకి మిగిలే 21,000లో 11,000 అత్యవసర నిధికి, 10,000 ఆర్‌డీకి వెయ్యి, ఎస్‌ఐపీ కదపకు. ఏడు నెలలకి 70,000 చేతిలో ఉంటుంది, రొక్కం ఇచ్చి కొనుక్కో. ఫోన్‌లో ఆట సగంలో ఆగిపోయి, సీటు దొరికినా రీల్స్ చూస్తున్నావనుకో, ఆ ఆర్‌డీ డబ్బు కూడా అత్యవసర నిధిలోనే కలిపెయ్.