జిమ్ మానేశాం, కట్టిన డబ్బుల సంగతేంటి? పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: నమస్తే మేడమ్. మాది హనుమకొండ, బాలసముద్రం. దసరా ఆఫర్ అంటే మా ఇంటి దగ్గరి జిమ్‌లో ఏడాదికి 18 వేలు ఒకేసారి ఫోన్‌పే చేసి చేరాను. విడిగా నెలకైతే 2 వేలు. అక్టోబర్, నవంబర్ బాగానే వెళ్లాను. తర్వాత నడుం పట్టేసింది, ఎంఆర్ఐ తీస్తే డిస్క్ జరిగిందన్నారు, బరువులు ముట్టుకోవద్దని డాక్టర్ గట్టిగా చెప్పారు. డిసెంబర్ నుంచి పోవట్లేదు. మిగతా డబ్బులు ఇవ్వమంటే "రశీదు వెనక చూడండి మేడమ్, నాన్ రిఫండబుల్ అని ఉంది కదా" అంటున్నారు. మా ఆయనేమో పోతే పోనీ, వాళ్లతో మనకెందుకు అంటున్నారు. నిజంగా ఏమీ రాదా?

జవాబు: అడిగితే వచ్చే దారి ఉందమ్మా. మొత్తం 18 వేలూ వస్తాయని మాత్రం చెప్పను, రెండు నెలలు వాడుకున్నారు కాబట్టి ఆ మేరకు వాళ్లకు చెందాల్సిందే. మిగతాది అడిగే హక్కు మీకుంది. అందరూ పోతే పోనీ అనుకుంటారనే ధైర్యంతోనే ఆ ముక్క రశీదు వెనక చీమల బారులాంటి అక్షరాలతో అచ్చు వేయిస్తున్నారు. మన డబ్బు మనం అడగడం గొడవ పెట్టుకోవడం కాదని మీ ఆయనకు చెప్పండి.

ముందు ఒక సంగతి సూటిగా చెప్పాలి. చేరిన తర్వాత మనసు మారింది, బద్ధకం వేసింది, అందుకే వాపసు ఇవ్వండి అంటే ఇప్పించే చట్టం మన దగ్గర లేదు. కొన్ని దేశాల్లో ఫలానా రోజుల్లోపు మానుకుంటే డబ్బు తిరిగి ఇవ్వాలని నియమం ఉంది, మనకు జిమ్‌ల విషయంలో అలాంటిది లేదు, ఒప్పందంలో వాళ్లే రాసిస్తే తప్ప. మీ సంగతి వేరు. మీరు రాకపోవడం మీ ఇష్టంతో జరిగింది కాదు, దానికి డాక్టర్ చీటీ ఉంది, ఎంఆర్ఐ రిపోర్టు ఉంది.

ఇక ఆ 'నాన్ రిఫండబుల్' మాట. రశీదు మీద అచ్చయిన ప్రతి వాక్యం చట్టం కాదు. 2020 జూలై 20న అమల్లోకి వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం, 2019 అన్యాయమైన ఒప్పందం అంటే ఏమిటో 2(46) సెక్షన్‌లో విడమరిచి చెప్పింది. అవతలివాళ్లకు జరిగిన నష్టానికి పొంతన లేనంత జరిమానా వినియోగదారుడి మీద వేయడం, అతన్ని ఇరకాటంలో పెట్టే అసమంజసమైన షరతు పెట్టడం, ఇవన్నీ అందులోకి వస్తాయి. పాత కాంట్రాక్ట్ చట్టం, 1872లో వచ్చింది, దాని 74వ సెక్షన్ కూడా ఇదే దారిలో ఉంటుంది, ఒప్పందంలో ఎంత మొత్తం రాసుకున్నా సరే సమంజసమైన పరిహారమే దక్కుతుంది, రాసుకున్నదంతా కాదు. ఫ్లాట్లు కొన్నవాళ్ల కేసులో 2019 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా, ఒక పక్షానికే అనుకూలంగా రాసి కొనుగోలుదారు చేత సంతకం పెట్టించుకున్న షరతులు అతన్ని కట్టిపడేయవని చెప్పింది. అది ఇళ్ల కేసే, కానీ సూత్రం మీకూ పనికొస్తుంది.

జిమ్ వాళ్లు సాధారణంగా చెప్పేది, మీ కోసం సీటు ఆపి ఉంచాం అని. కోచింగ్ సెంటర్ బెంచీ అయితే ఆ మాటకు కొంత అర్థం ఉంటుందేమో గానీ మీరు రాలేదని ట్రెడ్‌మిల్ ఖాళీగా ఉండదు కదా, ఇంకొకరు ఎక్కుతారు. మీరు మానేయడం వల్ల వాళ్లకు నిజంగా ఎంత నష్టం వచ్చిందో చెప్పమనండి, చెప్పలేరు.

ఇప్పుడు లెక్క. ఏడాది ధర ప్రకారం చూస్తే నెలకు 1,500 పడుతుంది, కానీ మీరు ఆ లెక్క పట్టుకోకండి, ఏడాదికి చేరారు కాబట్టే ఆ తగ్గింపు ఇచ్చామని వాళ్లు అంటారు, అది న్యాయమే. నెలకు 2 వేల లెక్కనే వేయండి. రెండు నెలలకు 4 వేలు పోను 14 వేలు అడగండి. వాళ్లేమంటారంటే, మీరు మానేస్తున్నట్టు మాకు రాసివ్వలేదు, ఇవాళ్టి దాకా సభ్యురాలే అంటారు. అందరూ నష్టపోయేది ఇక్కడే. మానేసిన రోజు ఒకటి, మానేసినట్టు చెప్పిన రోజు ఇంకొకటి, తేడా వచ్చినప్పుడల్లా రెండోదే లెక్కలోకి వస్తుంది. జనవరి చివర్లో రాసిస్తే నాలుగు నెలలకు 8 వేలు తీసేసి 10 వేలే మిగిలాయని అనే వీలుంది, ఇంకో నెల ఆగితే ఇంకో 2 వేలు. డిసెంబర్‌లో మీరు నోటితో అడిగారు సరే, వాట్సాప్‌లో ఒక్క మెసేజ్ పెట్టి ఉన్నా వెతికి స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, అది మీకు ఒక నెల డబ్బు మిగులుస్తుంది.

లేఖ పెద్దగా అక్కర్లేదు. ఇలా రాయండి: "నేను ఫలానా తేదీన, ఫలానా రశీదు నంబరుతో మీ జిమ్‌లో ఏడాది సభ్యత్వానికి 18,000 రూపాయలు చెల్లించాను. నవంబర్ 30 తర్వాత రాలేదు. నడుములో డిస్క్ సమస్య వల్ల బరువులు ఎత్తే వ్యాయామం చేయవద్దని డాక్టర్ చెప్పారు, ఓపీ చీటీ, స్కాన్ రిపోర్టు నకళ్లు జత చేశాను. ఈ లేఖ అందిన రోజు నుంచి నా సభ్యత్వం రద్దు చేయండి. వాడుకున్న రెండు నెలలకు నెలకు 2,000 చొప్పున తీసుకుని మిగిలిన 14,000 రూపాయలు 15 రోజుల్లో నా ఖాతాకు పంపండి." కింద సంతకం, తేదీ. రెండు కాపీలు తీసుకెళ్లి ఒకటి రిసెప్షన్‌లో ఇచ్చి, మీ దగ్గరుండే కాపీ మీద అందినట్టు స్టాంపు, తేదీ వేయించుకోండి. స్టాంపు వేయం అంటే బతిమాలకండి, పోస్టాఫీసుకు వెళ్లి స్పీడ్ పోస్టులో పంపండి, 2025లో రిజిస్టర్డ్ పోస్టు అందులోనే కలిసిపోయింది. అందినట్టు సంతకం తిరిగొచ్చేలా పంపమని కౌంటర్‌లో చెప్పండి. అదే లేఖ ఫొటో తీసి జిమ్ వాట్సాప్ నంబరుకూ పెట్టండి.

లేఖ అందాక వాళ్ల మాట తీరు మారొచ్చు. కొన్ని నెలలు ఫ్రీజ్ చేస్తాం, అంటే సభ్యత్వం ఆపి ఉంచి తర్వాత కొనసాగిస్తాం, లేదా మీ బదులు ఇంట్లో ఇంకొకరిని పంపండి అంటారు. ఇవి చెడ్డవేమీ కావు. మీ చెల్లెలో, తోటికోడలో నిజంగా వెళ్తానంటే పేరు మార్పించడం అన్నిటికంటే తేలిక, కోర్టు మెట్లెక్కే పని ఉండదు. కాకపోతే ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా అన్నది రాతలో తీసుకోండి. డాక్టర్ మూడు నెలలు ఆగి మళ్లీ చేయొచ్చు అని ఉంటే ఫ్రీజ్ మంచిది, అసలే వద్దని ఉంటే ఫ్రీజ్ వల్ల మీకు ఒరిగేది లేదు. డబ్బులకు బదులు ప్రోటీన్ డబ్బాలు ఇస్తామంటే మాత్రం ఒప్పుకోవద్దు.

ఇంకో మాట, మీరు సెప్టెంబర్ 22 తర్వాత కట్టి ఉంటే బిల్లు ఒకసారి చూడండి. 2025లో ఆ రోజు నుంచే జిమ్‌ల మీద జీఎస్టీ 18 నుంచి 5 శాతానికి తగ్గింది. 18 శాతం వేసి ఉంటే అదీ అడగాల్సిందే. అసలు బిల్లే ఇవ్వకుండా తెల్లకాగితం మీద రాసిచ్చి ఉంటే, బిల్లు ఇవ్వకపోవడం కూడా చట్టం దృష్టిలో అనుచిత వ్యాపార పద్ధతే, లేఖలో ఆ ముక్క కలపండి.

15 రోజులు చూసి, జవాబు లేకపోతే 1915కు ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులోనే మాట్లాడొచ్చు. వాళ్లు ఆర్డర్ ఇవ్వలేరు, ఫిర్యాదు నమోదు చేసుకుని జిమ్‌కు పంపుతారు, చాలా చిన్న తగాదాలకు ఆ కదలిక చాలు. అప్పటికీ కాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్. మీరు నివసించే చోటే వేయొచ్చు, జిమ్ హెడ్డాఫీసు హైదరాబాద్‌లో ఉన్నా సరే. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు అయితే ఫిర్యాదుకు ఫీజు లేదు. వకీలు తప్పనిసరి కాదు, మీరే వేసి మీరే మాట్లాడొచ్చు, వినియోగదారుల ఫిర్యాదుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. తగాదా మొదలైన రోజు నుంచి రెండేళ్ల లోపు వేయాలి. మూడు నెలల్లో తేల్చాలని చట్టంలో ఉంది, నిజంగా అంతకంటే ఎక్కువే పట్టొచ్చు, ఓపికతో ఉండండి.

ఫిర్యాదు రాసేటప్పుడు ఒక్క జాగ్రత్త తీసుకోండి. 'ఈ ఒప్పందం అన్యాయమైనది, కొట్టేయండి' అని అదొక్కటే అడిగితే, అలాంటి ఫిర్యాదులు వినే అధికారం జిల్లా కమిషన్‌కు లేదు, అది హైదరాబాద్‌లోని రాష్ట్ర కమిషన్ పని. 14 వేల కోసం అక్కడిదాకా తిరగడం మీ నడుముకీ మంచిది కాదు. ఇవ్వని సేవకు డబ్బు అట్టిపెట్టుకోవడం సేవా లోపం, అనుచిత వ్యాపార పద్ధతి అని రాయండి, అప్పుడు జిల్లాలోనే వింటారు.

ప్రశ్న: నాది కరీంనగర్, మంకమ్మతోట. పర్సనల్ ట్రైనర్‌తో కలిపి 30 వేల ప్యాకేజీ తీసుకున్నాను, పది నెలల ఈఎంఐ. ఫోన్‌లో ఏదో ఓటీపీ చెప్పమంటే చెప్పాను. ఇప్పుడు హైదరాబాద్‌లో జాబ్ వచ్చింది. ట్రైనర్‌ను అడిగితే "అకౌంట్ల పైసలు పెట్టకు అన్నా, మూడుసార్లు బౌన్స్ అయితే ఆళ్లే ఆపేస్తరు" అన్నాడు. అలా చేయొచ్చా?

జవాబు: చేయొద్దు తమ్ముడూ, ఆ మాట అస్సలు వినొద్దు. మీరు చెప్పిన ఆ ఓటీపీతో జరిగింది జిమ్ ఫీజు కట్టడం కాదు, మీ పేరు మీద లోన్ తీసుకోవడం. ఫైనాన్స్ కంపెనీ జిమ్‌కు డబ్బు మొదట్లోనే ఇచ్చేసి ఉంటుంది, ఇప్పుడు మీరు బాకీ ఉన్నది జిమ్‌కు కాదు, ఆ కంపెనీకి. మీరు ఈఎంఐ ఆపేస్తే జిమ్‌కు చీమ కుట్టినట్టు కూడా ఉండదు. బౌన్స్ చార్జీలు మీకు, అప్పులు సరిగ్గా కడుతున్నామో లేదో చూపే సిబిల్ స్కోరు పడిపోయేది మీకు, రేపు బండి లోన్‌కో ఇంటి లోన్‌కో పోతే తలనొప్పి మీకు. పైగా ఖాతాలో డబ్బు లేక ఆటోమేటిక్ వాయిదా బౌన్స్ అవడం చెక్ బౌన్స్ లాంటి నేరమేనని 2007 నాటి పేమెంట్ సిస్టమ్స్ చట్టం 25వ సెక్షన్ చెబుతోంది. ఆ ట్రైనర్ ఇవాళ ఉంటాడు, రేపు ఇంకో జిమ్‌కు మారతాడు, నోటీసు వచ్చినప్పుడు మీ పక్కన ఎవరూ ఉండరు.

చేయాల్సింది ఇది. వాయిదాలు కడుతూనే, సభ్యత్వం రద్దు చేసి, మిగిలిన మొత్తం నేరుగా ఫైనాన్స్ కంపెనీకి తిప్పి పంపి లోన్ మూయించమని జిమ్‌కు రాతలో ఇవ్వండి, మీ హైదరాబాద్ ఆఫర్ లెటర్ నకలు జత చేయండి. అదే కాపీ ఫైనాన్స్ కంపెనీ కస్టమర్ కేర్ మెయిల్‌కూ పంపండి. వాడుకోని ట్రైనర్ సెషన్లు విడిగా లెక్క కట్టండి, ఎందుకంటే ట్రైనర్ సెషన్ గంటల లెక్కన అమ్మిన సేవ, జరగని గంటకు డబ్బు ఎందుకు అన్న ప్రశ్నకు వాళ్ల దగ్గర జవాబు ఉండదు. హైదరాబాద్‌లో వాళ్లకు బ్రాంచి ఉంటే అక్కడికి మార్చమని కూడా అడగొచ్చు. లోన్ మూసేశాక, బాకీ ఏమీ లేదని చెప్పే నో డ్యూస్ లెటర్ తీసుకుని, ఆ తర్వాతే బ్యాంకులో ఆటో డెబిట్ రద్దు చేయించండి, వరస తప్పొద్దు.

మీకు చెప్పకుండా లోన్ పెట్టారని మీరు అనుకుంటే ముందు కంపెనీకి ఫిర్యాదు ఇవ్వండి, 30 రోజుల్లో సరైన జవాబు రాకపోతే బ్యాంకులు, ఫైనాన్స్ కంపెనీల మీద ఫిర్యాదులు వినే ఆర్‌బీఐ అంబుడ్స్‌మన్‌కు ఆన్‌లైన్‌లో ఉచితంగా వేయొచ్చు, సందేహాలుంటే 14448కు ఫోన్ చేయండి. ఇలాంటి డిజిటల్ లోన్ తీసుకున్న వెంటనే కనీసం ఒక రోజైనా, అసలు మొత్తం, ఆ కాస్త వడ్డీ కట్టేసి పెనాల్టీ లేకుండా బయటపడే గడువు ఇవ్వాలని ఆర్‌బీఐ నియమం. మీకు ఆ గడువు దాటిపోయింది, నిన్న మొన్న చేరినవాళ్లెవరైనా ఇది చదువుతుంటే ఇవాళే చూసుకోండి.

ప్రశ్న: మంచిర్యాలలో మేం చేరిన జిమ్ ఆరు నెలలకే మూసేశారు. షట్టర్ మీద 'షిఫ్టెడ్' అని కాగితం అంటించి ఉంది, కొత్త చోటు మా ఇంటికి చాలా దూరం. మేం పోకపోతే మాదే తప్పవుతుందా?

జవాబు: కాదు. మీరు డబ్బు కట్టింది ఆ చోటు చూసి. దాన్ని వదిలి వెళ్లింది వాళ్లు, కాబట్టి మీ కేసు పై రెండింటికన్నా బలమైనది. మొదట ఆ షట్టర్‌ను, కాగితాన్ని కలిపి తేదీ కనిపించేలా ఫొటో తీయండి, రేపటికి ఎవరైనా చింపేయొచ్చు. ఓనర్ మారాడు, పాత మెంబర్లతో మాకు సంబంధం లేదంటే డబ్బు ఎవరి ఖాతాలో పడిందో మీ ఫోన్‌పే హిస్టరీలో చూసి ఆ పేరు మీదే నోటీసు పంపండి, కొత్తాయనను కూడా చేర్చండి. మీలాగే ఇంకో పదిమంది ఉండే ఉంటారు, బ్యాచ్ వాట్సాప్ గ్రూపులో అడిగి చూడండి. అందరిదీ ఒకే సమస్య కాబట్టి, కమిషన్ అనుమతి తీసుకుని ఒకే ఫిర్యాదు కలిసి వేయొచ్చు.