ఉద్యోగానికి డబ్బు కట్టిందెవరు?

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

సంస్థల సిబ్బందిలోనూ, వాటికి సరుకులు, సేవలు అందించేవారి దగ్గరా ఆధునిక బానిసత్వాన్ని అరికట్టడం గురించి వచ్చిన ప్రశ్నలకు ఈసారి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మాది మధ్యతరహా తయారీ సంస్థ. విదేశీ కొనుగోలుదారు ఒకరు పెద్ద ప్రశ్నావళి పంపి, మా దగ్గరా మాకు ముడిసరుకు ఇచ్చేవారి దగ్గరా ఆధునిక బానిసత్వం లేదని సంతకం చేయమంటున్నారు. మేం అందరికీ నెలనెలా జీతం బ్యాంకులో వేస్తున్నాం, ఎవరినీ నిర్బంధించడం లేదు. ఈ మాట మాకెలా వర్తిస్తుంది?
– మానవ వనరుల విభాగం అధికారి

జవాబు: వెంటనే సంతకం చేయకుండా ఆగి ఈ ప్రశ్న అడిగారు, అది మంచి పని. సంకెళ్ళు వేసి పనిచేయించడం ఒక్కటే బానిసత్వమైతే దాన్ని ఎవరైనా గుర్తుపట్టగలరు. పనిచేసే చోట ఆధునిక బానిసత్వం అంటే ముఖ్యంగా నిర్బంధ శ్రమే, అంటే బలవంతంగా చేయించే పని. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లో ఆమోదించిన నిర్బంధ శ్రమ ఒడంబడిక రెండు విషయాలు చూడమంటుంది: ఆ మనిషి తన ఇష్టంతో ఆ పనికి వచ్చాడా, మానేస్తే ఏదో ఒక దండన తప్పదన్న భయంతో పనిచేస్తున్నాడా. దండన అంటే దెబ్బలే కానక్కర్లేదు. ఆపి ఉంచిన జీతం ఎగ్గొడతామనడం, పాస్‌పోర్టు తిరిగి ఇవ్వకపోవడం, అధికారులకు పట్టిస్తామని బెదిరించడం, ఇంటిదగ్గర ఉన్నవాళ్ళ మీద పడి బాకీ వసూలు చేస్తామనడం, ఇవన్నీ దండన కిందికే వస్తాయి. జీతం బ్యాంకులో పడుతోంది కదా అని ఇవేవీ లేవనుకోవడానికి వీల్లేదు.

అంతర్జాతీయ కార్మిక సంస్థ మరో రెండు సంస్థలతో కలిసి 2022లో వెలువరించిన అంచనా ప్రకారం, 2021లో ప్రపంచమంతటా 2 కోట్ల 76 లక్షల మంది నిర్బంధ శ్రమలో ఉన్నారు. లైంగిక దోపిడీకి గురైనవారిని, ప్రభుత్వాలే బలవంతంగా పనిచేయిస్తున్నవారిని పక్కన పెట్టినా, పొలాల్లో, నిర్మాణ పనుల్లో, కార్ఖానాల్లో, ఇళ్ళలో ప్రైవేటు యజమానుల కింద ఇలా పనిచేస్తున్నవారే 1 కోటి 73 లక్షల మంది.

నిర్బంధ శ్రమను గుర్తుపట్టడానికి అదే సంస్థ 11 సూచికలు ఇచ్చింది. మోసం, కదలికల మీద ఆంక్షలు, ఒంటరిని చేయడం, గుర్తింపు పత్రాలు లాక్కోవడం, జీతం ఆపడం, మితిమీరిన ఓవర్‌టైం వంటివి వాటిలో ఉన్నాయి. నన్నడిగితే అన్నిటికంటే ముందు అప్పు సంగతి చూడమంటాను. ఉద్యోగం ఇప్పిస్తానన్న ఏజెంటుకు కమీషను కట్టడానికి మనిషి వడ్డీకి అప్పు తెస్తాడు. పనిలో చేరాక తెలుస్తుంది, చెప్పిన జీతం వేరు, చేతికొచ్చేది వేరు అని. మొదటి నెలల సంపాదన అంతా వడ్డీకే పోతుంది. పని ఎంత కష్టమైనా, చెప్పిన పని కాకపోయినా, మానేస్తే అప్పు మిగులుతుంది, తీర్చే దారి మూసుకుపోతుంది. అందుకే నోరు మూసుకుని ఉండిపోతాడు. మీరు సమయానికి జీతం ఇచ్చే మంచి యజమానే కావచ్చు, ఆ మనిషిని ఎప్పుడూ గట్టిగా మందలించి కూడా ఉండకపోవచ్చు. అయినా అతను మీ గేటు దాటి వెళ్ళిపోలేడు, ఆ సంగతి మీకు తెలియదు కూడా. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1997లో తెచ్చిన 181వ ఒడంబడిక, ఉద్యోగాలిప్పించే ప్రైవేటు ఏజెన్సీలు కార్మికుడి నుంచి నేరుగా గానీ మరో రూపంలో గానీ, మొత్తంగా గానీ కొంతగా గానీ రుసుము తీసుకోకూడదని సాధారణ నియమంగా పెట్టింది. నియామకపు ఖర్చు యజమానిదే కావాలి.

కాబట్టి మీ సిబ్బందిని, సూపర్‌వైజర్ పక్కన లేని చోట, ‘ఈ పనికోసం ఎవరికైనా ఎంతైనా ఇచ్చారా, ఆ డబ్బు ఎక్కడినుంచి తెచ్చారు, ఇంకా ఎంత బాకీ ఉంది?’ అని అడగండి. ఇక సంతకం విషయానికొస్తే, ‘మా దగ్గర బానిసత్వం లేదు’ అని మాత్రం రాయకండి. ఏయే విభాగాల్లో చూశారో, ఎవరితో మాట్లాడారో, ఏం బయటపడిందో, దానికి ఏం చేశారో, ఇంకా ఎక్కడ చూడాల్సి ఉందో రాసి, దాని కింద సంతకం పెట్టండి.

ప్రశ్న: మా సొంత ఉద్యోగుల గురించి నాకు దిగులు లేదు. కానీ క్యాంటీను, కాపలా, శుభ్రత, సరుకు ఎత్తుదించే పని కాంట్రాక్టర్లకు ఇచ్చాం. వాళ్ళ మనుషుల బాధ్యత కూడా మాదేనా? ఎక్కడ చూడాలి?
– కార్యాలయ నిర్వహణాధికారి

జవాబు: మీ ఆవరణలో మీ పని చేస్తున్న మనిషి బాగోగులు మీవే. అసలు ప్రమాదం ఎక్కువగా ఉండేది మీరు చెప్పిన ఈ పనుల్లోనే. వీటిలో జీతం తక్కువ, మనుషులు తరచూ మారుతుంటారు, చాలామంది వేరే చోటునుంచి వచ్చినవాళ్ళు, వాళ్ళ పేర్లు మీ జాబితాలో ఉండవు.

కాంట్రాక్టరును జీతాల పట్టీ, బ్యాంకు జమల పట్టీ, హాజరు పుస్తకం అడిగి తెప్పించుకుని, మూడూ ఒకేసారి బల్ల మీద పరిచి చూడండి. వేర్వేరు పేర్లున్న ఐదారుగురి జీతం ఒకే ఖాతా నంబరుకు వెళ్తోందా? చాలామందికి ఒకే ఫోను నంబరు, ఒకే చిరునామా రాసి ఉన్నాయా? ప్రతి నెలా ఒకే మొత్తం ‘ఇతర మినహాయింపు’ అని కొందరి జీతంలోనే తగ్గుతోందా? హాజరు పుస్తకంలో నెలంతా అందరూ సరిగ్గా ఒకే నిమిషానికి వచ్చి, ఒకే నిమిషానికి వెళ్ళినట్టు, అదీ ఒకే చేతిరాతలో ఉందా? ఒకే గదిలో ఉండేవాళ్ళకు ఒకే చిరునామా ఉండటం సహజమే గనుక ఇందులో ఏ ఒక్కటీ నేరానికి రుజువు కాదు. కానీ వీటిలో రెండు మూడు ఒకేచోట కలిస్తే, ఆ మనుషుల జీతం మరెవరి చేతిలోనో ఉందని అనుమానించాలి, వెళ్ళి మాట్లాడాలి.

పత్రాల సంగతి మరొకటి. ‘పోగొట్టుకుంటారని మేమే భద్రంగా దాచాం’ అనే మాట మీకు వినిపిస్తుంది. భద్రతే కావాలంటే ప్రతి మనిషికీ తాళం వేసుకునే పెట్టె ఇచ్చి, తాళంచెవి అతని చేతికే ఇవ్వాలి. కాంట్రాక్టరు బీరువాలో పాస్‌పోర్టుల కట్ట కనబడితే, ఆ రోజే ఎవరివి వాళ్ళకు ఇప్పించండి. ఏటీఎం కార్డులకూ ఇదే వర్తిస్తుంది.

ప్రశ్న: మాకు సరుకు ఇచ్చే కార్ఖానాలన్నిటిలో కార్మికుల పరిస్థితులపై ఏటా ఆడిట్ (తనిఖీ) చేయిస్తున్నాం. నివేదికలన్నీ బాగున్నాయి. ఇంకా ఏం చేయాలి?
– కొనుగోళ్ళ మేనేజరు

జవాబు: 2012 సెప్టెంబరు 11న కరాచీలో ఒక దుస్తుల కార్ఖానా తగలబడి 250 మందికి పైగా చనిపోయారు. కిటికీలకు ఊచలు, మూసి ఉన్న ద్వారాలు వాళ్ళను బయటికి రానివ్వలేదు. అంతకు కొద్ది వారాల ముందే ఆ కార్ఖానాకు కార్మిక ప్రమాణాలు పాటిస్తున్నట్టు అంతర్జాతీయ ధ్రువపత్రం వచ్చింది. కళ్ళకు కనబడే ఊచలనే తనిఖీ పట్టించుకోనప్పుడు, కంటికి కనబడని అప్పును పట్టుకుంటుందని ఎలా నమ్మడం? ముందే చెప్పి వచ్చే తనిఖీ, ఒకటి రెండు రోజుల్లో ముగిసే తనిఖీ, కార్ఖానాలోనే యాజమాన్యం చూస్తుండగా కార్మికులతో మాట్లాడే తనిఖీ కాగితాలను మాత్రమే చూడగలవు. పైగా అవి మీకు నేరుగా సరుకు ఇచ్చేవారి దగ్గరే ఆగిపోతాయి. పత్తి తీసేవాళ్ళు, గనుల్లో తవ్వేవాళ్ళు, రొయ్యలు ఒలిచేవాళ్ళు అంతకు ఎన్నో అంచెల అవతల ఉంటారు.

ఆడిట్ మానేయమని కాదు. దానికి తోడుగా కార్మికుడి మాట మీదాకా వచ్చే దారి ఒకటి ఉండాలి. అమెరికాలో ఫ్లోరిడా టమాటా తోటల్లో 2011 నుంచి నడుస్తున్న ఫెయిర్ ఫుడ్ కార్యక్రమం ఇందుకు మంచి ఉదాహరణ. దాన్ని రూపొందించింది ఆ తోటల్లో పనిచేసే కూలీల సంఘమే. ఏ వేళలోనైనా ఫిర్యాదు చేయగల ఫోను నంబరు, పని గంటల్లోనే హక్కుల గురించి చెప్పే సమావేశాలు అందులో ఉన్నాయి. అన్నిటికంటే ముఖ్యమైనది, ఒప్పందం కుదుర్చుకున్న పెద్ద కొనుగోలుదారులు నియమాలు తప్పిన తోట నుంచి సరుకు కొనడం ఆపేయాలి. వాళ్ళు టమాటాకు కొంత అదనపు ధర కూడా చెల్లిస్తారు, అది కూలీలకు చేరుతుంది.

ధర ప్రస్తావన వచ్చింది కాబట్టి మిమ్మల్ని సూటిగా అడుగుతున్నాను. మీరు కుదిర్చిన ధరలో చట్టప్రకారం ఇవ్వాల్సిన జీతం, ఓవర్‌టైం, నియామకపు ఖర్చు ఇమిడి ఉన్నాయా? ఆర్డరు ఇచ్చాక పరిమాణం రెట్టింపు చేసి, గడువు మాత్రం అలాగే ఉంచిన సందర్భాలు లేవా? అలాంటప్పుడు అదనపు మనుషులను రాత్రికి రాత్రి సమకూర్చేది ఏ లెక్కకూ దొరకని దళారీయే. మీ విభాగం చేసే ఈ పనులు ఏ ఆడిట్ నివేదికలోనూ కనబడవు. వాటిని సరిదిద్దడం మాత్రం పూర్తిగా మీ చేతిలో ఉంది.

ప్రశ్న: మాకు సరుకు ఇచ్చే ఒక కార్ఖానాలో వలస కార్మికులు ఏజెంట్లకు పెద్ద మొత్తాలు కట్టి వచ్చారని తేలింది. ఒప్పందం వెంటనే రద్దు చేయాలని మా డైరెక్టర్లు అంటున్నారు.

జవాబు: తొందరపడవద్దని వాళ్ళకు చెప్పండి. మీరు ఈరోజు తప్పుకుంటే అప్పు అలాగే ఉంటుంది, కార్మికుడికి ఉన్న పని కూడా పోతుంది. ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల మండలి 2011లో ఆమోదించిన మార్గదర్శక సూత్రాలు కూడా, ముందు మీకున్న పలుకుబడిని ఉపయోగించి పరిస్థితి మార్చమంటాయి. సరఫరాదారుతో కలిసి కూర్చుని, ఆ రుసుములు కార్మికులకు తిరిగి ఇచ్చే గడువు రాసుకోండి. రసీదు చూపించమని పట్టుబట్టకండి, ఏజెంట్లు రసీదులు ఇవ్వరు. ఒకే ప్రాంతం నుంచి వచ్చినవాళ్ళను విడివిడిగా అడిగితే మామూలుగా ఎంత కట్టారో తేలుతుంది. వడ్డీ కూడా కలిపి లెక్కించాలి. ఏళ్ళ తరబడి వాయిదాలుగా ఇస్తే ఆ బాకీ కోసమే వాళ్ళు అక్కడ ఉండిపోవాల్సి వస్తుంది.

ఇది జరిగే పని కాదని ఎవరైనా అంటే మలేసియా సంగతి చెప్పండి. నిర్బంధ శ్రమ ఆనవాళ్ళున్నాయంటూ 2020 జూలైలో, కొవిడ్ కాలంలో గ్లోవులకు అంత గిరాకీ ఉన్న రోజుల్లో, అక్కడి ఒక పెద్ద రబ్బరు గ్లోవుల సంస్థ సరుకును అమెరికా నిలిపివేసింది. ఆ తర్వాత సంస్థ వలస కార్మికులకు నియామక రుసుములు తిరిగి చెల్లించింది. 2021 సెప్టెంబరులో ఆ ఆంక్ష తొలగింది. మీ సరఫరాదారు ఎంత చెప్పినా వినకపోతే అప్పుడు తప్పుకోండి, కానీ రావాల్సిన జీతాలు కార్మికులకు అందేలా చూసి తప్పుకోండి.

ప్రశ్న: మాది చిన్న సంస్థ. ఆధునిక బానిసత్వంపై విదేశాల్లో ఉన్న చట్టాలు మాకు వర్తిస్తాయా?

జవాబు: నేరుగా వర్తించకపోవచ్చు. బ్రిటన్ 2015 చట్టం ఏటా 3 కోట్ల 60 లక్షల పౌండ్లు, అంతకు మించి వ్యాపారం చేసే సంస్థలను మాత్రమే, బానిసత్వాన్ని అరికట్టడానికి ఏం చేశారో చెప్పే ప్రకటన ఇవ్వమంటుంది. ఏ చర్యా తీసుకోలేదని ప్రకటించినా ఆ నిబంధన తీరిపోతుంది, అది ఆ చట్టంలోని పెద్ద లోపం. ఫ్రాన్సు 2017లో మరింత ముందుకు వెళ్ళి, పెద్ద సంస్థలు ముప్పును గుర్తించి నివారించే ప్రణాళికను అమలుచేయాలని, విఫలమైతే నష్టానికి బాధ్యత వహించాలని శాసించింది. నిర్బంధ శ్రమతో తయారైన సరుకును యూరోపియన్ యూనియన్ మార్కెట్లోకి రానివ్వకుండా 2024లో చేసిన నిబంధన 2027 డిసెంబరు నుంచి అమలవుతుంది, దానికి సంస్థ పరిమాణంతో నిమిత్తం లేదు. మీ సరుకు ఏ పెద్ద సంస్థ ద్వారానైనా అక్కడికి చేరుతుంటే, ఆ షరతులు ఒప్పందం రూపంలో మీ దగ్గరికి వస్తాయి.

ప్రశ్న: నేను రాత్రి షిఫ్టు సూపర్‌వైజరును. కాంట్రాక్టరు పంపిన ఒక కార్మికుడు, తన జీతం తన చేతికి రావడం లేదని, పాస్‌పోర్టు అడిగితే బెదిరిస్తున్నారని నాతో రహస్యంగా చెప్పాడు. నేనేం చేయాలి?

జవాబు: అతను మిమ్మల్ని నమ్మి చెప్పాడు, కాబట్టి అతని క్షేమమే మొదట చూడాలి. ఎవరికీ చెప్పనని మాట ఇవ్వకండి, అది మీరు నిలబెట్టుకోలేరు. అతనికి తెలియకుండా ఎవరికీ చెప్పనని మాత్రం చెప్పండి. కాంట్రాక్టరును నిలదీయకండి, నిలదీస్తే ఆ రాత్రే ఆ కార్మికుణ్ణి వేరే చోటికి తరలించేస్తారు. అతను చెప్పిన మాటలను చెప్పినట్టే, తేదీతో సహా రాసి పెట్టుకోండి. ఏం జరగాలని కోరుకుంటున్నాడో అతన్నే అడగండి. ప్రాణానికో ఒంటికో ముప్పుందంటే ఆలస్యం చేయకుండా పోలీసులను పిలవాలి. లేకపోతే సంస్థలో ఈ విషయాలు చూసే అధికారికి, ఆయన కాంట్రాక్టరుకు సన్నిహితుడైతే ఆయన పైవారికి చెప్పండి. కార్మిక శాఖ, కార్మిక సంఘం కూడా ఉన్నాయి. అతని భాష మీకు రాకపోతే, అదే కాంట్రాక్టరు మనిషిని మాత్రం దుబాసీగా పెట్టుకోకండి.

ఇక్కడ సంస్థ తప్పక ఆలోచించాల్సింది, అతను బయటికి వస్తే ఆ రాత్రి ఎక్కడ పడుకుంటాడన్నది. అతను ఉంటున్న గది సాధారణంగా కాంట్రాక్టరుదే అయి ఉంటుంది. బస, భోజనం, ఆగిపోయిన జీతం సంస్థే చూసుకోవాలి. పాస్‌పోర్టును అడిగి తెచ్చుకునే పని అతని మీద పెట్టకుండా సంస్థే రాతపూర్వకంగా అడగాలి. అడిగేటప్పుడు అతనిది ఒక్కటే కాకుండా, ఆ కాంట్రాక్టరు పంపిన అందరి పత్రాలూ ఒకే రోజున ఎవరివి వాళ్ళకు ఇవ్వాలని కోరాలి. అలా చేస్తే ఫిర్యాదు చేసింది ఫలానా మనిషని కాంట్రాక్టరు పసిగట్టలేడు.