అక్కరలేని వర్చువల్ నెట్‌వర్క్ అడాప్టర్ల తొలగింపు

వర్చువల్‌బాక్స్, వీఎంవేర్ (ఒక కంప్యూటర్ లోపలే మరో కంప్యూటర్‌ను నడిపించే ప్రోగ్రాములు) రెండింటినీ తీసివేసినా, అవి పెట్టిన వర్చువల్ నెట్‌వర్క్ అడాప్టర్లు మిగిలే ఉన్నాయని, ప్రింటర్‌ను పంచుకోబోతే కంప్యూటర్ 192.168.56.1 అనే చిరునామా చూపుతోందని మీరు రాశారు. అది మీ రౌటర్ ఇచ్చినది కాదు. వర్చువల్‌బాక్స్ హోస్ట్-ఓన్లీ అడాప్టర్ (మీ కంప్యూటర్‌కూ దాని లోపల నడిచే వర్చువల్ కంప్యూటర్‌కూ మధ్య మాత్రమే పనిచేసేది) మామూలుగా పెట్టుకునే చిరునామా. హన్మకొండలో మా దుకాణానికి వచ్చే ఇంజినీరింగ్ విద్యార్థుల ల్యాప్‌టాప్‌లలో దీనిని తరచూ చూస్తుంటాను.

డివైస్ మేనేజర్ తెరిచి, వ్యూ మెనూలో షో హిడెన్ డివైసెస్ ఎంచుకుంటే, నెట్‌వర్క్ అడాప్టర్స్ కింద మసకగా కనిపించే పాత పేర్లు కూడా బయటపడతాయి. వాటిలో వర్చువల్‌బాక్స్ పేరున్నవాటిని, వీఎంవేర్‌కు చెందిన వీఎంనెట్1, వీఎంనెట్8లను రైట్ క్లిక్ చేసి అన్‌ఇన్‌స్టాల్ చేయండి. డ్రైవర్‌ను కూడా తొలగించమంటారా అని అడిగే గడి కనిపిస్తే అందులో టిక్కు పెట్టండి, లేకపోతే కొన్నిసార్లు అవే మళ్లీ వచ్చి కూర్చుంటాయి.

వ్యాన్ మినీపోర్ట్ అనే పేర్లు ఎన్ని కనిపించినా వాటిని ముట్టుకోవద్దు. అవి విండోస్ సొంతవి, వీపీఎన్ వంటి పనులకు కావలసినవి. వీఈథర్నెట్ డిఫాల్ట్ స్విచ్ ఉంటే అది హైపర్-వీకి (వర్చువల్ కంప్యూటర్లు నడిపేందుకు విండోస్‌లోనే ఉండే సదుపాయం) చెందినది కనుక, ఇక్కడ తీసినా రీస్టార్ట్ తరువాత తిరిగి వస్తుంది. విండోస్ ఫీచర్స్‌లో హైపర్-వీని ఆపవలసిందే.

రీస్టార్ట్ చేశాక కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆదేశం నడిపి, 56తో ఉన్న చిరునామా పోయిందో లేదో చూసి, ఆ తరువాతే ప్రింటర్‌ను మళ్లీ జతచేయండి.