టెక్ సందేహాలు: చుట్టాలకో కీబోర్డు, కథలకో కీబోర్డు

ప్రశ్న: నేను ఫోన్లోనే ప్రేమకథల సీరియల్ రాస్తుంటాను. కొత్తగా పెళ్లైన జంట కథ, ఎక్కువగా తెల్లవారుజాము సీన్లే. మొన్న మా అత్తయ్యగారికి వాట్సాప్‌లో ‘లేచారా’ అని కొట్టగానే కీబోర్డు ‘శ్రీవారూ’ అని చూపించింది. చూసుకోకుండా నొక్కి పంపేశాను. ‘శ్రీవారిని కాదమ్మా, అత్తగారిని’ అని జవాబొచ్చింది. ముందు ముందు ఇంకేం బయటపెడుతుందోనని టెన్షన్‌గా ఉంది.
- ఓ పాఠకురాలు, తణుకు

జవాబు: కీబోర్డు తప్పేం లేదండీ. ‘లేచారా’ తర్వాత యాభైసార్లు ‘శ్రీవారూ’ అని రాసుంటే, యాభై ఒకటోసారీ మీకు అదే కావాలనుకుంటుంది. రాస్తున్నది కథా, వాట్సాప్ మెసేజా అన్నది దానికి పట్టదు. గూగుల్ వాళ్ల కీబోర్డు జీబోర్డ్ వాడుతుంటే ఆ సజెషన్‌ మీద వేలు నొక్కి పట్టుకోండి. చెత్తబుట్ట బొమ్మ కనిపిస్తుంది, అందులోకి లాగేయండి. ఇలాంటివి చాలానే పోగుపడి ఉంటే జీబోర్డ్ సెట్టింగ్స్‌లో ‘ప్రైవసీ’లోకి వెళ్లి, నేర్చుకున్న పదాలూ డేటా డిలీట్ చేసే ఆప్షన్ నొక్కండి. తెర మీద ఒక నంబరు చూపించి దాన్ని టైప్ చేయమంటుంది. అయితే శ్రీవారితో పాటు మీవాళ్ల ఇంటిపేర్లూ ఊరిపేర్లూ కూడా పోతాయి, మళ్లీ మొదటినుంచీ నేర్పుకోవాలి.

నేనైతే రెండు కీబోర్డులు పెట్టుకుంటాను. చుట్టాలకు జీబోర్డ్, కథలకు స్విఫ్ట్‌కీ. రెండిట్లోనూ తెలుగు ఉంది, ఒకటి నేర్చుకున్నది రెండోదానికి తెలియదు.

ప్రశ్న: భార్యాభర్తల పొద్దుటి ఏకాంతం రాయమని చాట్‌బాట్‌ని అడిగితే ప్రతిసారీ కిటికీ తెరల్లోంచి బంగారు కిరణాలే దూరుతున్నాయి. ప్రాంప్ట్ ఎలా ఇవ్వాలి?
- ఓ రచయిత, సిద్దిపేట

జవాబు: ఆ కిరణాలు మా ఇంటికీ వచ్చాయి. చాట్‌బాట్‌లు ఎక్కువగా ఇంగ్లిష్ రాతలు చదివి పెరిగినవి. తెలుగులో రాయమన్నా వాటి ఇళ్లలో తెల్ల దుప్పట్లే ఉంటాయి, కాఫీ మంచం దగ్గరికే నడిచొస్తుంది. ‘ఇంకాస్త రొమాంటిక్‌గా’ అన్నారా, ఇంకో నాలుగు కిరణాలు పోస్తుంది. ఏం వద్దో చెప్పి, ఇల్లు ఎలా ఉంటుందో మీరే ఇవ్వాలి. నేను ఇచ్చి చూసిన ప్రాంప్ట్ ఇది:

‘సింగిల్ బెడ్‌రూం ఇల్లు. హాల్లో మావగారు రేడియో పెట్టారు. పైన ట్యాంకుకి మోటారు నడుస్తోంది. ఆమె జడలోంచి రాత్రి మల్లెలు రాలి దిండుకి అంటుకున్నాయి. అతను ఒక్కోటీ ఏరుతున్నాడు. ఆమె నిద్ర నటిస్తోంది. ట్యాంకు నిండి నీళ్లు పొర్లుతున్నా ఇద్దరూ లేవరు. సూర్యుడు వద్దు, కిటికీ వద్దు. ముద్దు అనే మాట వాడొద్దు. 150 పదాలు.’

కిరణాలైతే పోయాయి. కానీ చాట్‌బాట్ తన వంతుగా చేసిందల్లా మావగారి రేడియోలో భక్తిగీతం పెట్టడమే. సీను మొత్తం నేను ప్రాంప్ట్‌లోనే రాసేసుకున్నాను! కాబట్టి మీరూ ప్రాంప్ట్ రాసుకోండి, పంపే ముందు ఒకసారి చదువుకోండి. పంపక్కర్లేదని అనిపించొచ్చు. అన్నట్టు, సీను కాస్త ముదిరితే కొన్ని చాట్‌బాట్‌లు ‘సాయం చేయలేను’ అని తలుపు వేసుకుంటాయి. దాన్ని ఏమార్చే ప్రాంప్ట్‌లు వెతుక్కుంటూ పూట పాడుచేసుకోకండి, ఆ నాలుగు వాక్యాలూ చేత్తో రాసుకుంటే త్వరగా అయిపోతుంది.

ప్రశ్న: గూగుల్ డాక్స్‌లో రాసే నా నవల మా అబ్బాయి ట్యాబ్‌లోనూ కనిపిస్తోంది.
- ఓ పాఠకురాలు, బెంగళూరు

జవాబు: రెండిట్లోనూ మీ గూగుల్ అకౌంటే ఉన్నట్టుంది. నవలకి వేరే మెయిల్ ఐడీ తీసుకుని, ఫైలు అందులోకి కాపీ చేసుకోండి. పాతదాన్ని డిలీట్ చేశాక బిన్‌లోంచి కూడా తీసేయండి, లేదంటే 30 రోజులు అక్కడే ఉంటుంది. ఫోన్లో విడిగా తాళం వేసుకునే అర, అంటే శాంసంగ్ సెక్యూర్ ఫోల్డర్ గానీ, ఆండ్రాయిడ్ 15లో వచ్చిన ప్రైవేట్ స్పేస్ గానీ ఉంటే కొత్త ఐడీని దాంట్లోనే పెట్టుకోండి. ఇక ఫైలుకి ‘7వ అధ్యాయం, పడకగది’ అని పేరు పెట్టకండి. ‘కరెంటు బిల్లులు’ అని పెట్టండి, ఇంట్లో ఎవరూ తెరవరు.