కిల్న్ కొనేముందు జుంకాల లెక్క చూద్దాం

ప్రశ్న: నాకు 36 ఏళ్లు. విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో ఉంటాం. మూడేళ్ల క్రితం ఉద్యోగం మానేసి, టెర్రకోట జుంకాలు, చిన్న మట్టి శిల్పాలు చేసి ఇన్‌స్టాగ్రామ్, వాట్సాప్‌లలో అమ్ముతున్నాను. తయారీ, ఫొటోలు, ప్యాకింగ్ అన్నీ నేనే. నెలకు సుమారు 63 వేల అమ్మకాలు. ముడిసరుకుకు 22 వేలు, ప్యాకింగ్, కొరియర్‌కు 11 వేలు, ప్రకటనలకు 6 వేలు పోతున్నాయి. అయినా నెలాఖరుకు చేతిలో ఏమీ ఉండటం లేదు. కాల్పించడానికి బయట ఆవానికి వెళ్లాల్సి వస్తోంది కాబట్టి సొంత ఎలక్ట్రిక్ కిల్న్ (కరెంటు ఆవం) కొందామనుకుంటున్నాను. 1.8 లక్షల కొటేషన్ ఇచ్చారు. నగలు తాకట్టు పెట్టమంటారా, పాత ఉద్యోగం పీఎఫ్ తీసేయమంటారా? శిల్పాలకు టైం బాగా పడుతోంది, అవి ఆపేస్తే మంచిదా? బయటి రాష్ట్రాలకు పంపాలంటే జీఎస్టీ తప్పదని ఒకరు చెప్పారు, అదొక టెన్షన్. నా పని వివరాలు కూడా రాసి పంపుతున్నాను.

జవాబు: మీరు పంపిన వివరాలు రెండుసార్లు చదివాను. నగలూ వద్దు, పీఎఫ్ కూడా వద్దు. కిల్న్ ఎప్పటికీ కొనొద్దని కాదు, ఇప్పుడు వద్దు అంటున్నాను. ఎందుకో మీ లెక్కలతోనే చెబుతాను.

ముందు ఒక్క జుంకాల జత తీసుకుందాం. ధర 480 రూపాయలు. మట్టి, రంగులు, హుక్కులు, కాల్పు కూలి కలిపి 70. డబ్బా, బబుల్ ర్యాప్ 25. కొరియర్ ఉచితమని పెట్టారు కాబట్టి ఆ 60 మీదే. నెలకు వంద జతలు అమ్ముతున్నారు, ప్రకటనల 6 వేలను వాటికి పంచితే జతకు ఇంకో 60. మిగిలేది 265. మట్టి పిసకడం దగ్గర్నుంచి అరగదీయడం, రంగు వేయడం, ఫొటో, ‘ఇదే నీలంలో ఉందా అండీ’ అని అడిగేవాళ్లకు జవాబులు, అన్నీ కలిపి జతకు రెండు గంటల నలభై నిమిషాలని మీరే రాశారు. అంటే గంటకు వంద రూపాయలు కూడా పూర్తిగా లేదు.

ఇప్పుడు శిల్పం చూడండి. ధర 3,800. సరుకు 650, ప్యాకింగ్ 300, కొరియర్ 250 పోను 2,600. పని 14 గంటలు. గంటకు 185 పైనే. పదింటిలో ఒకటి దారిలో విరిగి డబ్బు వెనక్కి ఇస్తున్నారని రాశారు, అది తీసేసినా 158 దాకా వస్తుంది. మీరు ఆపేద్దామనుకుంటున్నదే మీకు ఎక్కువ ఇస్తోంది! దయచేసి శిల్పాలు ఆపకండి. సగం అడ్వాన్స్ తీసుకుని ఆర్డర్ మీదే చేయండి, పెట్టెలో పెట్టెగా ప్యాక్ చేయండి. ప్యాకింగ్‌కు ఇంకో వంద పెరిగినా నష్టం లేదు.

వంద జతలు, నాలుగు శిల్పాలు కలిపితే నెలకు 320 గంటలు దాటుతోంది. ఆదివారాలు కూడా కలుపుకుని రోజుకు పది గంటల పైన. ఇది చదివాక నాకు మీ ఆదాయం కంటే మీ ఆరోగ్యం మీదే ఎక్కువ దిగులు కలిగింది. ఇంట్లో కేకులు చేసేవాళ్లు, బ్లౌజులు కుట్టేవాళ్లు ఎంతమంది నా దగ్గరకు వచ్చినా, వాళ్ల పుస్తకాల్లోనూ ఇదే ఖాళీ. దారం ఖర్చు పైసలతో సహా రాస్తారు, తమ కూలి మాత్రం రాయరు.

కాబట్టి ముందు ధర మార్చండి. జత 540, కొరియర్ విడిగా. కొందరు కొనడం మానేస్తారు, నిజమే. వందలో పాతిక మంది మానేశారనే అనుకుందాం. ప్రకటనల ఖర్చు తగ్గించకపోయినా 75 జతల మీద 27,375 మిగులుతుంది. ఇప్పుడు వంద జతల మీద మిగిలేది 26,500. పైగా 67 గంటలు ఆదా. అంత సమయంలో దాదాపు ఐదు శిల్పాలు అవుతాయి, లేదా మీరు కాస్త నిద్రపోవచ్చు.

ఇక డబ్బు ఎటు పోతోందన్న ప్రశ్న. పై లెక్క ప్రకారం మీరు అమ్మిన సరుకుకు పట్టే ముడిసరుకు 9,600 మాత్రమే. కొంటున్నది 22 వేలు. తేడా 12,400 ప్రతి నెలా పూసలు, తీగలు, ఇత్తడి హుక్కులు, అమ్ముడుపోని జతల రూపంలో డబ్బాల్లో చేరుతోంది. పూర్ణా మార్కెట్‌కు వెళ్లినప్పుడు చవగ్గా వస్తున్నాయని కిలోల్లో తెచ్చుకోవడం నాకు అర్థమవుతుంది. కానీ మన ఊరి సముద్రపు గాలి సంగతి మీకు తెలియనిది కాదు. ఒక వానాకాలం దాటేసరికి ఇత్తడి నల్లబడుతుంది, అలాంటి హుక్కు పెట్టి జత అమ్మలేరు. అందుకే ఆరు నెలల పాటు నెలకు 10 వేలకు మించి సరుకు కొనకండి, ఉన్నవాటినే వాడండి. నెలకు 12 వేల చొప్పున 72 వేలు మిగులుతాయి. దీన్ని గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికే వస్తాను.

మీరు రాసిన ఖర్చులన్నీ పోను ఇంకా 24 వేలు మిగలాలి. అవి ఇంటి ఖర్చుల్లో కలిసిపోతున్నట్టుంది. అందుకే వ్యాపారానికి వేరే బ్యాంకు ఖాతా తెరవండి. అమ్మకాల డబ్బంతా అందులోకే రావాలి. అక్కడి నుంచి ప్రతి నెలా ఒకటో తారీఖున 15 వేలు మీ జీతంగా మీ ఖాతాకు పంపుకోండి. శ్రావణంలో అమ్మకాలు దండిగా ఉన్నాయని ఎక్కువ తీయొద్దు, ఆషాఢంలోనో మూఢంలోనో అమ్మకాలు పడిపోయాయని జీతం మానేయొద్దు. మంచి నెలల్లో మిగిలినదే ఆ రోజుల్లో ఆదుకుంటుంది.

కిల్న్ సంగతి. మీ పనిలో ఎక్కువ సమయం తింటున్నది కాల్పు కాదు, రంగులూ ఫోన్ జవాబులూ. కిల్న్ వస్తే తిరుగుడు తగ్గుతుందేమో గానీ అమ్మకాలు దానంతట అవి పెరగవు. ఆరు నెలల తర్వాత కూడా కావాలనిపిస్తే ముందు పీఎం విశ్వకర్మ పథకం చూడండి. 2023 సెప్టెంబరు 17న మొదలైన ఈ పథకంలోని 18 వృత్తుల్లో కుమ్మరి పని, శిల్పకళ రెండూ ఉన్నాయి. పూచీకత్తు లేకుండా మొదటి విడత లక్ష రూపాయల దాకా 5 శాతం వడ్డీకి ఇస్తారు, 18 నెలల్లో కట్టాలి. వాయిదా నెలకు సుమారు 5,800. కుటుంబంలో ఒక్కరికే ఇస్తారు, ప్రభుత్వోద్యోగుల కుటుంబాలకు వర్తించదు. ఇది చేతివృత్తులను కుటుంబ వృత్తిగా చేసుకునేవారి కోసం పెట్టినది కాబట్టి, మీరు ఆ కోవలోకి వస్తారో లేదో దగ్గర్లోని కామన్ సర్వీస్ సెంటర్‌లో అడిగి తెలుసుకోండి. వరస మాత్రం తప్పొద్దు. చిన్న వ్యాపారులకు బ్యాంకులిచ్చే ముద్రా రుణం తీసుకుని అది ఇంకా తీరకుండా ఉంటే విశ్వకర్మకు అర్హత ఉండదు. ఇది కుదరకపోతేనే ముద్రాకు వెళ్లండి. కుదిరిందా, ఆ లక్ష, మీ డబ్బాల్లోంచి తేలిన 72 వేలు కలిస్తే 1.72 లక్షలు, కొటేషన్‌కు 8 వేలే తక్కువ. నగలు బీరువా దాటనక్కర్లేదు.

పీఎఫ్ జోలికి వెళ్లకండి. 2024–25కు దానిపై 8.25 శాతం వడ్డీ ఇచ్చారు. మీరు కొత్తగా ఏమీ జమ చేయకపోయినా 58 ఏళ్ల వరకూ వడ్డీ పడుతుంది. ఒంటరిగా వ్యాపారం చేసేవారికి పెన్షన్ ఇచ్చే యజమాని ఉండరు. మీ పేరు మీద ఉన్న ముసలితనపు డబ్బు ప్రస్తుతానికి అదొక్కటే.

జీఎస్టీ గురించి మీకు చెప్పినవారు సగం నిజం చెప్పారు. మామూలు సరుకు వేరే రాష్ట్రానికి అమ్మితే మొదటి రూపాయి నుంచే రిజిస్ట్రేషన్ కావాలి. కానీ చేతివృత్తుల వస్తువులకు 2017 నుంచి మినహాయింపు ఉంది, ఏడాది టర్నోవర్ 20 లక్షలు దాటనంత వరకు. మీది 7.56 లక్షలు. పాన్ ఉండాలి, బయటి రాష్ట్రానికి పంపే సరుకుకు విలువ ఎంత తక్కువైనా ఈ-వే బిల్లు (సరుకు రవాణాకు ఆన్‌లైన్‌లో తీసే పత్రం) తీయాలి. ఆ జాబితాలో మట్టి వస్తువులు, చేత్తో చేసిన ఇమిటేషన్ నగలు ఉన్నాయి. మీరు చేసేవన్నీ అందులోకి వస్తాయో లేదో ఒక్కసారి జీఎస్టీ ప్రాక్టీషనర్‌కు చూపించుకోండి. పెద్ద ఆన్‌లైన్ సైట్లలో పెట్టి బయటి రాష్ట్రాలకు అమ్మాలనుకుంటే ముందే ఆయన్ని అడగండి. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వమిచ్చే ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉచితం, దానికి ఎవరికీ ఫీజు కట్టకండి. ఆదాయపు పన్ను పడకపోయినా రిటర్ను వేయండి, రేపు ఏ బ్యాంకైనా ముందు అడిగేది అదే.

మీరు అడగలేదు గానీ, ఒకటి చెప్పాలి. మీ స్టాకంతా మేడమీద రేకుల గదిలో ఉందని రాశారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మన ఊళ్లో రేకులు ఏమయ్యాయో చూసినవాళ్లం. ఇంటి బీమా ఉంది కదా, వ్యాపార సరుకుకూ వర్తిస్తుందని అనుకోవద్దు. చిన్న వ్యాపారాల కోసం ‘భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష’ అనే పాలసీ ఉంది, తుపాను, వరద నష్టాలు అందులోకి వస్తాయి. కొరియర్‌లో విరిగినవి మాత్రం రావు. అమ్మకం ధర కాకుండా, తయారీకి మీకు అయిన ఖర్చు ప్రకారం స్టాకు విలువ రాసి ఏజెంటును ప్రీమియం అడగండి. అక్టోబరు, నవంబరు తుపానుల కాలం కదా, ఈ పని అంతకుముందే పూర్తి చేయండి. అప్పటిదాకా కనీసం తయారైన శిల్పాలనైనా కింది గదిలోకి దించండి.